చలికి తొడిగిన కోటు

మార్చి సగం దాటగానే ఆ ఊరి పిల్లల బడిలో గడ్డిబొమ్మ తయారవుతుంది. దాని పేరు మజాన్నా. చలి అదే, జబ్బు అదే, చావూ అదే. వసంతం మొదటి రోజున చిన్న పిల్లలు దాన్ని ఊరేగించి, నిప్పంటించి, ఏట్లో తోసి వస్తారు. అక్కడికి చలికాలం పీడ విరగడైనట్టే. ఆ ఏడు బొమ్మకు వేయడానికి పాతబట్టలుంటే పంపమని కొర్నేలియా టీచరు ఇళ్లకు కబురు చేసింది.

ఐదేళ్ల ఒటిల్కా చేత వాళ్ల నాయనమ్మ ట్రూడా ఒక కోటు పంపింది. ముదురాకుపచ్చ ఉన్ని కోటు, మెడకు కుందేలు తోలు. అది ఒటిల్కా తల్లి రొజాలియాది. ఊళ్లో అలాంటిది ఇంకొకటి లేదు.

రొజాలియా మంచు పడకముందే ఇల్లు విడిచి వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిందో తెలియనివాడు ఊళ్లో లేడు. మొగుడు అలోయిజ్ బొగ్గు గనిలో దిగి ఎక్కేవాడు, ఎక్కి తాగేవాడు, తాగి పెళ్లాన్ని చావబాదేవాడు. గోడ అవతలివాళ్లు విన్నారు. విని రేడియో పెంచుకున్నారు. కొట్టినవాడికి ఏ పేరూ రాలేదు. పారిపోయినదానికి మాత్రం బిడ్డను వదిలేసిన రాక్షసి అని పేరొచ్చింది. పిల్లను వెంట తీసుకుపోబోతే ట్రూడాయే గుమ్మానికి అడ్డంగా నిలబడిందన్న మాట ఎవరి నోటా రాలేదు. చివరికి రొజాలియా తన కోటు విప్పి పిల్లకు కప్పింది. ఎండలు రాగానే వస్తాను, అందాకా ఇది కప్పుకో అని చెప్పి, పల్చటి జాకెట్టుతో బస్సెక్కింది.

చలికాలమంతా ఒటిల్కా ఆ కోటులోనే పడుకుంది. ట్రూడా దాన్ని మంచం మీద నుంచి లాగుతుంటే కోటు చేతిని పట్టుకుని పిల్ల వేలాడింది.

"అమ్మకు కావాలి నానమ్మా. వచ్చినప్పుడు చలేస్తుంది."

"దానికి కోటెందుకే. అదే ఓ చలి పీడ," అంది ట్రూడా.

బడిలో కోటు చూసి కొర్నేలియా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్లీ పనిలో పడింది. బొమ్మకు తొడిగి బొత్తాలు పెట్టింది. వంటమనిషి నడుం మీద చేతులేసుకుని చూసి, అచ్చం అలోయిజ్ పెళ్లామే, నోరొక్కటే తక్కువ అంది. ఆయాలు పగలబడి నవ్వారు. చదువుకున్న కొర్నేలియా కూడా నవ్వింది. పిల్లలకు నవ్వెందుకో తెలియలేదు గానీ, ఎవరిని చూసి నవ్వాలో తెలిసింది. అప్పట్నుంచి బొమ్మను మజాన్నా అనడం మానేసి ఒటిల్కా వాళ్లమ్మ అన్నారు.

కోటు తెచ్చినందుకు ఊరేగింపులో బొమ్మ పక్కన నడిచే గౌరవం ఒటిల్కాకు దక్కింది. చప్పట్లు, గిన్నె మూతల మోతలు, పాటలు. రంగు రిబ్బన్లూ గుడ్డు పెంకులూ కట్టిన పచ్చకొమ్మ ఒకటి వెనకాల వస్తోంది. వసంతమంటే అదే. ఒటిల్కా కోటు చేతిని గట్టిగా పట్టుకుని నడిచింది. అందులో చెయ్యి లేదు, గడ్డి ఉంది.

ఏటి ఒడ్డున టీచరు అగ్గిపెట్టె తీసేసరికి పిల్ల ఆమె పావడా పట్టుకుంది.

"టీచరమ్మా, కోటు విప్పేసి తోద్దాం."

"విప్పితే చలి పోదు తల్లీ. నీకు ఎండలు రావాలా, వద్దా?"

ఒటిల్కా పావడా వదిలేసింది. ఎండలు రావాలి. ఎండలొస్తేనే అమ్మ వస్తుంది. పిల్ల లెక్క సరైనదే, తప్పంతా ఆ లెక్క నేర్పినవాళ్లది. గడ్డి భగ్గుమంది, కుందేలు తోలు కమురు కంపు కొట్టింది. అందరూ తోయడానికి ఎగబడ్డారు గానీ అందరికంటే గట్టిగా తోసింది ఒటిల్కాయే. పచ్చ కోటు నీళ్లలో ఓసారి బోర్లాపడి, చేతులు చాపుకుని, వంతెన కిందికి కొట్టుకుపోయింది.

"ఇక వెనక్కి చూడకుండా పరుగెత్తాలి," అంది కొర్నేలియా. "చూశారంటే మీ ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు చచ్చిపోతారు."

సరిగ్గా అప్పుడే వంతెన మీద నుంచి ఎవరో పిలిచారు.

"ఒటిల్కా!"

రొజాలియా పొద్దుటి బస్సు దిగి పాట విని అక్కడ ఆగింది. తన కోటు కాలడం చూసింది, తోసింది ఎవరో చూసింది. అయినా పిలిచింది. మళ్లీ మళ్లీ పిలిచింది. గొంతు అమ్మదేనని ఒటిల్కాకు తెలుసు. కోటు ఏట్లో ఉంది కాబట్టి పిలుస్తున్నదీ ఏట్లోదే అనుకుంది. ఒకవేళ కాకపోతే? తిరిగి చూస్తే అమ్మ చచ్చిపోతుంది. రెండు చెవులూ మూసుకుని, మెడ బిగించి, అందరికంటే ముందు పరుగెత్తింది.

పెద్దవాళ్లు మాత్రం తిరిగి చూశారు. వాళ్లింట్లో ఎవరూ చావలేదు. వంతెన దిగి పరుగున వస్తున్న మనిషిని కొర్నేలియా స్పష్టంగా చూసింది. ఆగమ్మా, మీ అమ్మే అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. బడి గేటు మూసి గడియ పెట్టింది. లోపల పిల్లలకు కోకో పోశారు. బయట కంచె పట్టుకున్న రొజాలియాను, ట్రూడా ముందు నడుస్తుంటే, ఇద్దరు ఇరుగుపొరుగు మగవాళ్లు చెరో రెక్కా పట్టుకుని బస్సు దాకా నడిపించారు. ఊరి పరువు కోసమన్నారు.

సాయంత్రం బంగాళాదుంప ఉండలూ ఎర్ర క్యాబేజీ. ఒటిల్కా నోట్లో ముద్ద ఉండగానే చెప్పింది.

"చలి మా అమ్మ గొంతుతో పిలిచింది నానమ్మా. నేను చూడలేదు."

"మంచి పని చేశావు," అని ట్రూడా ఇంకో ఉండ వడ్డించింది.

"రేపు ఎండ కాస్తుందా?"

"కాస్తుంది."

"అయితే అమ్మ రేపే వచ్చేస్తుంది."

అలోయిజ్ క్యాబేజీ గిన్నెను తన వైపు లాక్కున్నాడు.