గిలకగడ్డి

"మోగిందా?" అని అడిగాడు రూనే, తల ఎత్తకుండా రొట్టెకు వెన్న రాసుకుంటూ.

"ఇంకా లేదు," అంది బార్బ్రో, అతని కప్పులో కాఫీ పోస్తూ.

నలభై ఏడేళ్ళ కాపురంలో ఆమె అబద్ధాలు ఆడలేదని కాదు. ఆకలిగా లేదని, నడుము నొప్పి తగ్గిందని, అతని హాస్యానికి నవ్వొచ్చిందని లెక్కలేనన్ని ఆడింది. పచ్చిక విషయంలో ఆడటం మాత్రం ఇదే మొదటిసారి. నిన్న సాయంత్రమే మోగింది. ఆమె విన్నది.

గిలకగడ్డి మోకాలి ఎత్తు కూడా ఉండని మొక్క. జూన్‌లో పసుపు పూలు పూస్తుంది. జూలైలో కాయలు ఎండి లోపల గింజలు విడివడతాయి. అప్పుడు ఆ పక్కగా నడిస్తే, గౌను అంచు తగిలి పసిపిల్లల గిలక్కాయలా గలగలమంటుంది. అది మోగకముందు కోస్తే పూల గింజలు నేలకు రాలవు, మరుసటేడు పూలుండవు. మోగాక మరీ ఆగితే గడ్డి పీచుబారిపోతుంది, గొర్రెలు మూతి తిప్పుకుంటాయి. అందుకే గోత్లాండ్ దీవిలో ఆ ఊరి వాళ్ళంతా కోతకు రూనే మాట కోసం ఎదురుచూస్తారు. అతను కంచె దగ్గర నిలబడి, టోపీ వెనక్కి తోసి, "రేపు కోత" అంటాడు. "వాళ్ళ నాన్న చెవే వచ్చింది వీడికి" అని ముసలివాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మాట రూనే చెవిన ఎవరు వేశారని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా!

నిజానికి ఆ చెవి వాళ్ళ నాన్నది కూడా కాదు, అత్తగారు ఎల్నాది. కాపురానికొచ్చిన తొలి జూలైలో ఆవిడ బార్బ్రోను వెంటబెట్టుకెళ్ళి, మొక్కల మధ్య నిలబెట్టి, "మాట్లాడకు, విను," అంది. విన్నాక, "ఇప్పుడు ఇంటికెళ్ళి, వాడు తినేటప్పుడు మెల్లగా చెప్పు. నలుగురిలో చెప్పకు. తామే కనిపెట్టామన్న సంబరం లేకపోతే ఈ మగాళ్ళు కొడవలికి పదును పెట్టరమ్మా," అంది. ఆవిడ నవ్వుతూనే చెప్పింది. బార్బ్రో కూడా నవ్వింది. ఇరవై మూడేళ్ళ వయసులో అది ఆడవాళ్ళిద్దరి మధ్య ముచ్చటైన రహస్యంలా అనిపించింది. ఎల్నా పోయి ఇరవై ఏళ్ళైంది. రహస్యం మాత్రం రహస్యంగానే ఉంది.

వేసవిలో పట్నం నుంచి వచ్చేవాళ్ళు కంచె పట్టుకుని నిలబడి, "ప్రకృతి ఎంత అందంగా చేసిందో!" అని మురిసిపోతారు. చేసింది, కాదనడానికి లేదు. సున్నపురాతి పలక మీద జానెడు మట్టి పరిచింది, ఓక్ చెట్లూ ఆష్ చెట్లూ హేజెల్ పొదలూ మొలిపించింది. ఆ తర్వాత దాని దారి దానిది. ఏటా ఆకులు రాల్చి పూల మొక్కలన్నిటినీ ఊపిరాడకుండా కప్పేస్తుంది. పదేళ్ళు వదిలేస్తే ముళ్ళపొదలు, ఇరవై ఏళ్ళు వదిలేస్తే పట్టపగలు కూడా వెలుతురు దూరని అడవి. దాన్ని ఏటా ఏప్రిల్‌లో ఆపాలి. మంచు కరగ్గానే బార్బ్రో చెక్కపళ్ళున్న పొడవాటి పళ్ళకర్ర పట్టుకుని చెట్ల కింద ఆకులు దువ్వుతుంది, పుల్లలు ఏరుతుంది, కుప్పలేసి కాలుస్తుంది. పొదల కిందకి ఆ కర్ర దూరదు, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో లాగాలి. మే నెలలో వేలెడంత ఆష్ మొలకల్ని ఒక్కొక్కటే పీకాలి. జూలైలో మగవాళ్ళు వరసగా నిలబడి పొడుగుపిడి కొడవళ్ళతో రెండు రోజులు కోస్తారు. వాళ్ళ వెనక ఆ గడ్డిని చిమ్మి, తిరగేసి, ఆరబెట్టి, కొట్టంలోకి చేర్చడం ఆడవాళ్ళకి వారం పని. ఆఖరున కొట్టం నేల ఊడ్చి, ఆ ఊడ్పులో ఉన్న గింజల్ని ఏప్రన్‌లో పోసుకుని, పచ్చికలో బోసిపోయిన చోటల్లా చల్లిరావాలి. ఈ ఆఖరి పని ఒకటుందని కూడా రూనేకు తెలియదు. ముప్ఫై ఏళ్ళపాటు బడి వంటగదిలో మూడొందల మంది పిల్లలకు వండి వార్చి వచ్చి, మిగిలిన ఓపికతో ఆమె ఇవన్నీ చేసింది. కోతకు పని అని పేరుంది. ఆమె చేసేదానికి సాయం అని పేరు.

జూన్ మొదట్లో జిల్లా కార్యాలయం నుంచి తూవా అనే అమ్మాయి వచ్చింది. ఈ ఏడు ఆ పచ్చికకు గౌరవం దక్కిందట, గేటు పక్కన బోర్డు పెడతారట. వరండాలో కూర్చోబెట్టి బార్బ్రో కాఫీ ఇచ్చింది, కుంకుమపువ్వు వేసి కాల్చిన అన్నపు కేకు ముక్క పెట్టింది.

"బోర్డు మీద రాసేది ఒకసారి చదువుతాను వినండి," అంది తూవా. "'ప్రకృతి ప్రసాదించిన ఈ పచ్చికను నాలుగు తరాలుగా కాపాడినవారు...' ఇక్కడ పేర్లు కావాలి రూనే గారూ."

"రాసుకో. మా ముత్తాత లార్స్, తాత యాకోబ్, నాన్న ఎమిల్, ఇప్పుడు నేను."

ఆ పిల్ల రాసుకుని తల ఎత్తింది. "మరి బార్బ్రో గారు?"

"ఆవిడ సాయం చేస్తుందిలే. ఆవిడ అసలు పనితనం ఇదిగో, ఈ కాఫీలో చూడు. దీవి మొత్తం తిరిగినా ఇలాంటి కాఫీ దొరకదు," అని రూనే పెద్దగా నవ్వాడు.

తూవా మర్యాదకు నవ్వింది. బార్బ్రో కూడా నవ్వింది. తర్వాత వారం రోజులు ఆ నవ్వే గొంతులో చేపముల్లులా ఆడింది. వాళ్ళు నవ్వితే నవ్వారు, నేనెందుకు నవ్వాను? ఎవరు నేర్పారు నాకు, నన్ను తీసిపారేసినప్పుడు నవ్వాలని? అంట్లు తోముతూ, దుప్పట్లు ఆరేస్తూ ఆమె తనను తానే నిలదీసుకుంది.

కాఫీ తాగిన ఆ రోజే తూవా నాలుగు పుల్లల చట్రం ఒకటి నేల మీద పరిచి, మీటరు చదరంలో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టింది. పడమటి మూల, ముసలి ఆష్ చెట్టు కింద, ఒక్కసారిగా కేక వేసింది. "నలభై ఆరు రకాలు! మిగతా చోట్ల ముప్ఫై దాటలేదండీ. ఏముంది ఈ మూలలో?"

"నేల అలాంటిది," అన్నాడు రూనే.

బార్బ్రో ఖాళీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంది.

ఆ మూల సంగతి ఆమె కాపురానికి వచ్చిన మూడో జూలై నాటిది. అప్పుడామెకు ఐదో నెల. పొద్దుటి నుంచీ పొత్తికడుపులో ఏదో లాగుతోంది. సముద్రం మీంచి నల్లగా మబ్బు కమ్ముకొస్తోంది, గడ్డి ఇంకా నేల మీదే ఉంది. వెళ్ళి రూనేకు చెప్పింది. "ఇంకో రెండు వరసలే కదా బార్బ్రో, అవగానే కూర్చో," అన్నాడు చెయ్యి ఆపకుండా. అత్తగారికి చెప్పింది. ఎల్నా ఒకసారి ఆమె ముఖం వైపు, ఒకసారి మబ్బు వైపు చూసింది. "గడ్డి తడిస్తే మళ్ళీ రాదమ్మా. పిల్లలంటావా, వాళ్ళు మళ్ళీ వస్తారు," అంది. బార్బ్రో ఒక వరస పూర్తి చేసింది. రెండో వరసలో, ఆష్ చెట్టు దగ్గరకు వచ్చేసరికి, తొడల మీంచి వెచ్చగా కారుతున్నట్టై అక్కడే కూలబడిపోయింది. వాన వచ్చేలోగా గడ్డి కొట్టంలోకి చేరింది. పిల్లలు మళ్ళీ రాలేదు.

ఆసుపత్రిలో బేసిన్ మీద గుడ్డ కప్పి తీసుకుపోయారు. చూపించలేదు, ఆడో మగో చెప్పలేదు. పాతిపెట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఆ ఏడు కొట్టం ఊడ్చినప్పుడు ఎల్నా తన చేత్తోనే కోడలి ఏప్రన్ నింపి, "ఇది ఆ మూలకి," అంది. అంతకుమించి ఆవిడ ఏనాడూ క్షమాపణ అడగలేదు. ఆ ఏటి నుంచీ ప్రతి ఏడూ మొదటి ఏప్రన్ గింజలు ఆ మూలకే. అది సమాధి అని బార్బ్రో ఎవరితోనూ అనలేదు. తనతో తాను కూడా అనుకోలేదు. తూవా చట్రం పరిచి లెక్కపెట్టేదాకా.

బోర్డు ఆవిష్కరణ కోతరోజునే పెట్టుకుందామన్నారు. తేదీ కోసం తూవా ఫోన్ చేస్తే రూనే గొంతు సవరించుకుని, "తేదీ నేను చెప్పేది కాదమ్మా, గడ్డి చెప్పాలి. వినే చెవి ఉండాలి, అంతే," అన్నాడు. పక్కనే బంగాళాదుంపలు కడుగుతున్న బార్బ్రో విన్నది. మర్నాడు సాయంత్రం పచ్చికలోకి వెళ్తే గిలక మోగింది. మాట నాలిక చివర పెట్టుకుని ఇంటికొచ్చింది. చేప వడ్డించింది, దుంపలు వడ్డించింది. మాట బయటికి రాలేదు. పగ అనుకుందామంటే పగ కాదు. నోరు అలిసిపోయింది.

రెండు రోజులు గడిచాయి. ఐదు రోజులు. పది. రోజూ పొద్దున్నే "మోగిందా?", రోజూ "ఇంకా లేదు". రోజూ సాయంత్రం వెళ్ళి నిలబడేది. గింజలు రాలిపోతున్నకొద్దీ చప్పుడు పలచబడింది. పొరుగు ఊలోఫ్ కంచె మీంచి అరిచాడు, "ఏరా రూనే, చెవిలో గుమిలి పేరుకుందా? మా గడ్డి తాళ్ళు పేనుకోవడానికి తప్ప పనికిరాకుండా పోతోంది!" ఆ మధ్యాహ్నం రూనే ఒక్కడే పచ్చికలోకి వెళ్ళాడు. వంటింటి కిటికీలోంచి ఆమెకు కనబడుతూనే ఉంది. ఏదో తేవడానికి గదిలోకి వెళ్ళి, ఏం కావాలో మరిచిపోయిన మనిషిలా నడిమధ్య నిలబడ్డాడు. వంగి ఏదో కాడ తెంపాడు. అది గిలకగడ్డి కాదు. తిరిగొచ్చి, "ఇంకా పచ్చిగానే ఉంది," అన్నాడు. ఆ క్షణం అతని మీద ఆమెకు జాలేసింది కూడా.

పన్నెండో రోజున కప్పు కింద పెట్టి, "అసలు నువ్వు ఎక్కడ వింటావు?" అని అడిగాడు.

నలభై ఏడేళ్ళలో మొదటిసారి. ఇంత జరిగాక కూడా ఆమె గుండె ఒక్కసారి ఎగిరింది. అడిగాడు. అడిగితే చెప్పొచ్చు. ఒకటి చెబితే దాని వెనక అన్నీ చెప్పొచ్చు. చేతులు తుడుచుకుని, "రా, చూపిస్తాను," అంది.

ఆష్ చెట్టు దగ్గరకు తీసుకెళ్ళింది. రూనే మోకాలి మీద చెయ్యి ఆనించి కష్టంగా వంగి, ఆమె చూపించిన కాడ పట్టుకుని ఊపాడు.

"మోగట్లేదుగా?"

"మోగేసింది. గింజలన్నీ రాలిపోయాయి. పన్నెండు రోజులైంది."

అతను నిటారుగా నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. "తెలిసీ చెప్పలేదా? ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది బార్బ్రో. ఏమైంది నీకు?"

ఏమైంది నీకు? ఆ ఒక్క ప్రశ్న కోసం ఆమె నలభై ఐదేళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడు వచ్చింది, ఇలా వచ్చింది. అయినా జవాబు చెప్పింది.

"నేను కూలబడింది ఇక్కడే రూనే. ఆ రోజు. ఈ చెట్టు కిందే."

రూనే చెట్టు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం ఆమెకు స్పష్టంగా కనబడింది. అదే తట్టుకోలేకపోయింది.

"ఏ రోజు?" అన్నాడు.

బార్బ్రో చెట్టు బెరడుకు చెయ్యి ఆనించింది. ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు.

"రేపు కోత అని చెప్పుకో," అంది. "నేను రాను."

రేపటికి మాత్రమే రానంటోందని అతను అనుకున్నాడు. ఒంట్లో బాగాలేదని అందరికీ చెప్పాడు. కోత అయింది, బోర్డు వెలిసింది, తూవా వాళ్ళు ఫ్లాస్కుల్లో తెచ్చుకున్న కాఫీ తాగి వెళ్ళిపోయారు. గడ్డి పీచులా ఉందని ఊలోఫ్ చలికాలమంతా దెప్పాడు. ఆ ఏడు కొట్టం నేల ఎవరూ ఊడ్చలేదు.

ఏప్రిల్ వచ్చింది. మంచు కరిగింది.

"ఎప్పుడు దువ్వుదాం?" అన్నాడు రూనే.

"నువ్వు దువ్వుకో."

అతను కాసేపు అటూ ఇటూ తచ్చాడి, "పళ్ళకర్ర ఎక్కడుంటుంది?" అని అడిగాడు.

"కొట్టం తలుపు వెనక. నలభై ఏడేళ్ళుగా అక్కడే ఉంది."

అరగంట దువ్వి, మోకాలు పట్టేసిందని వచ్చి, పేపరు తెరిచి కూర్చున్నాడు. భోజనాలయ్యాక బార్బ్రో వట్టి చేతులతో బయటికి వెళ్ళింది. గేటు పక్కన బోర్డు ముందు ఆగి, ప్రకృతి దగ్గర మొదలుపెట్టి రూనే పేరు దాకా మొత్తం చదివింది. చెట్ల కింద తడి ఆకులు దట్టంగా పరుచుకుని ఉన్నాయి. ఏ ఆకు కింద ఏ మొలక ఉందో ఆమెకు తెలుసు. ఈ ఏడు కొన్ని పైకి రాలేవు, వచ్చే ఏడు ఇంకొన్ని. ఎక్కడా వంగకుండా వాటి మధ్య నుంచే నడిచింది.

ఆష్ చెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుంది. మీటరు చదరం మేర ఆకుల్ని చేతులతో ఒక్కొక్కటే తీసింది. రెండు ఆష్ మొలకలు పీకింది. మట్టిని అరచేత్తో మెల్లగా సర్దింది. తర్వాత లేచి, చేతులు దులుపుకుని, మిగతా పచ్చికనంతా బోర్డు మీద పేర్లున్నవాళ్ళకు వదిలేసింది, ప్రకృతికీ, ఆ నలుగురు మగవాళ్ళకీ.