జారింది నేను కాదు

నేను ఒక టైరును. ఆ మాట వినగానే మీ మొహంలో వచ్చిన చులకన నాకు కనబడుతూనే ఉంది. ఆటోకి వేసేదో, ఇసుక లారీకి వేసేదో అనుకుని ఉంటారు. కాదు. నేను స్పోర్ట్స్ కారు టైరును. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ, రబ్బరు మెత్తన. తడి రోడ్డు మీద వేగంగా మలుపు తిరిగే బండిని పట్టి ఉంచడం నా పని. ఇప్పుడు మాత్రం ఆనందపురం దగ్గర ఒక కార్టింగ్ మైదానంలో, గోడకి బదులుగా పేర్చిన పాత టైర్ల మధ్య పడి ఉన్నాను. జనం చిట్టి కార్లు అద్దెకి తీసుకుని గిరగిరా తిరుగుతారు. మలుపు తిప్పడం చేతకాక వచ్చి నన్ను గుద్దుతారు. గుద్ది పకపకా నవ్వుతారు. మనుషుల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. ఎందుకు లేదో చెప్తాను, వినండి.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. కేరళ చెట్ల పాలు, మసి, గంధకం, ఉక్కు తీగలు కలిపి, చెన్నై దగ్గర ఒక కర్మాగారంలో వేడి అచ్చులో పెట్టి, దిబ్బరొట్టెను మగ్గబెట్టినట్టు మగ్గబెట్టి నన్ను తీశారు. నీళ్ళు పక్కకి పోవడానికి నా ఒంటి మీద ఏ గాడి ఎటు వంగాలో ఏళ్ళ తరబడి ఆలోచించి గీసిన మహానుభావులు అక్కడున్నారు. నేను మెచ్చుకునే మనుషులు వాళ్ళొక్కళ్ళే. వాళ్ళ చేతులు దాటాక అంతా దిగజారుడే.

అక్కణ్ణుంచి గాజువాకలో పైడిరాజు టైర్ల కొట్టుకి వచ్చాను. నాతోపాటు నా జత కూడా వచ్చింది. మమ్మల్ని పై అరలో పెట్టారు. కింద అరలో టాక్సీ టైర్లు ఉండేవి. వాటితో నేను మాట్లాడలేదు. పైడిరాజుకి టైర్ల గురించి తెలియనిది లేదు. తెలిసినదాన్ని కొనేవాడి మొహం చూసి మింగేయడం ఇంకా బాగా తెలుసు. ఎదుటివాడికి నచ్చిందే మంచి టైరు అన్నది ఆయన సిద్ధాంతం.

ఒక సాయంత్రం ఆ కొట్టు ముందు ఎర్రటి రెండు సీట్ల కారు ఒకటి ఆగింది. అందులోంచి దిగినాయన పేరు ఫల్గుణరావు. ద్వారకానగర్‌లో టైల్స్ షోరూము ఉంది. కాలేజీ రోజుల్లో ఇలాంటి కారు బొమ్మ ఒకటి బీరువా తలుపుకి లోపలివైపు అతికించుకున్నాడట. నలభై దాటాక, ఎవరో వాడి వదిలేసిన కారుని బెంగళూరు నుంచి తెచ్చుకున్నాడు. దాని ముందు టైర్లు రెండూ బోడిగుండులా అరిగిపోయాయి. వెనకవాటికి గాడులు మిగిలి ఉన్నాయిగాని, ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి రబ్బరంతా చెక్కలా గట్టిపడిపోయింది.

వెనకాలే స్కూటీ మీద ఆయన భార్య హైమవతి వచ్చింది. డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తుంది. ఎండనక వాననక ఆ స్కూటీ మీదే తిరుగుతుంది. మా అందరి ఎదుటా ఆవిడ భర్తకి ఒక షరతు పెట్టింది.

"మీరు ముచ్చటపడి తెచ్చుకున్నారు, నేను కాదనను. ముందు మంచి టైర్లు వేయించండి. సింహాచలం వెళ్ళి బండికి పూజ చేయిద్దాం. కొండ ఎక్కి దిగేలోపు నాకు ఒక్కసారి భయం వేసిందా, బండి అమ్మేయాలి. వేయలేదనుకోండి, ఇక జన్మలో దీని మాట ఎత్తను."

"సరే హైమా. అప్పన్న సాక్షిగా అమ్మేస్తాను" అన్నాడు ఫల్గుణరావు గుండెమీద చెయ్యేసుకుని.

అంటే ఏమిటన్నమాట? ఆ మనిషి బీరువా తలుపు నాటి కల మొత్తం టైర్ల మీద ఆధారపడింది. అలాంటప్పుడు ఎవడైనా ఏం చేస్తాడు? మంచివి నాలుగు కొంటాడు. ఈయన ఇంటికెళ్ళి వీడియోలు చూశాడు.

ఎన్ని చూశాడో ఆయనకే తెలియదు. కార్ల పిచ్చివాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాడు. ఒకడు జర్మనీ టైరు తప్ప ఇంకేదీ టైరే కాదన్నాడు, వాడికి సొంత కారు లేదు. ఇంకొకడు జపాను టైరు అన్నాడు, వాడు కారు మీద కవరు తీసేది ఏడాదికొక్కసారి, కడగడానికి. ఇవన్నీ తలకెక్కించుకుని ఫల్గుణరావు రోజు విడిచి రోజు కొట్టుకి వచ్చి మా అందరి చెంపలూ తడిమి వెళ్ళేవాడు. మెత్తటి రబ్బరు రోడ్డుని బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టిది ఏళ్ళ తరబడి వస్తుంది, పట్టు తక్కువ. రెండూ కావాలంటే రేటు పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట తగ్గాలి. ఆయన ఎక్కడా తగ్గేరకం కాదు.

"పట్టు బాగుండాలి, అరక్కూడదు, చవగ్గా రావాలి" అన్నాడు పైడిరాజుతో.

"అలాంటిది ఎవడైనా కనిపెడితే నాకూ సెప్పండి సార్, నా బండికీ ఏసుకుంటాను" అన్నాడు పైడిరాజు.

చివరికి వేలు నా మీద ఆగింది. నన్ను నేను పొగుడుకోవడం కాదుగాని, మంచి బేరమే దొరికింది ఆయనకి. పెద్ద పేర్లున్నవాటికంటే నేను చవక. వానలో వాటికి ఏమాత్రం తీసిపోను. ఎంపిక సరిగ్గానే చేశాడు. ఆ తర్వాతే బుద్ధి గడ్డి తింది. నాలుగు కొనవలసినవాడు రెండే కొన్నాడు.

బిగించే రోజున ఆయన ఒక్కడే వచ్చాడు. "వెనకవాటికి గాడులున్నాయి కదా, అవి ఇంకొన్నాళ్ళు నడుస్తాయి. ఈ రెండూ ముందు వేసెయ్" అన్నాడు.

"రెండే అయితే ఎనక్కి ఏసుకోండి సార్" అన్నాడు పైడిరాజు. "ముందు జారితే బండి కాసింత తిన్నగా పోద్ది, స్పీడు తగ్గిస్తే సర్దుకుంటాది. ఎనక జారిందంటే బొంగరంలాగ తిరిగిపోద్ది, మన సేతిలో ఉండదు."

"పూజ చేసేది ముందు చక్రాలకి కదయ్యా. నిమ్మకాయలు తొక్కేది ముందువి. చక్రం పక్కకి తిప్పి ఫోటో తీస్తే కనబడేది ముందువి. కొత్తవి కొని వెనక దాచుకుంటామా? పాతవాటికి పసుపూ కుంకమా పెట్టిస్తామా?"

పైడిరాజు ఆయన మొహం చూశాడు. "అదీ నిజమే సార్" అన్నాడు. అంత తెలిసినవాడు ఆ పూట ఒక్క నిమిషం గట్టిగా నిలబడి ఉంటే ఈ కథ లేదు. సిగ్గులేని మనిషి. బోడిగుండు టైర్లు రెండూ తీసి మూల పడేసి, నన్నూ నా జతనూ ముందు బిగించాడు. వెనక ఉన్న చెక్కముక్కలకి నల్లటి పాలిష్ రాసి నిగనిగలాడించాడు. ఫల్గుణరావు ఇంటికెళ్ళాక పసుపురంగు పెన్ను తెచ్చి, నా చెంప మీద ఉన్న అక్షరాలన్నిటికీ కూర్చుని రంగు వేశాడు. రేసు కార్లకి అలాగే ఉంటుందట. ఆ రంగు వేసేటప్పుడు ఫోనులో ఎవరికో చెప్తున్నాడు, "బాత్‌రూమ్ దగ్గర కక్కుర్తి పడకండి సార్. నున్నటి టైల్స్ చవగ్గానే వస్తాయి, కాలు జారితే నడుం పోతుంది." ఆ మాట అంటూనే నా మీద రంగు ఆరడానికి ఊదాడు. ఇంతకంటే నేనేం చెప్పను.

ఆదివారం పొద్దున్నే కొండెక్కాం. సన్నగా జల్లు పడుతోంది. హైమవతి పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పూలూ కొబ్బరికాయా పెట్టుకుని కూర్చుంది. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పైన పూజారి నా నుదురని తోచినచోట పసుపు పూసి కుంకం పెట్టాడు. నా కిందో నిమ్మకాయ, నా జత కిందో నిమ్మకాయ పెట్టించారు. తొక్కాం. చక్రం పక్కకి తిప్పి, నా పసుపు అక్షరాలు కనబడేలా ఫోటోలు తీసి గ్రూపులో పెట్టారు. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. వెనక్కి వెళ్ళి ఆ రెండు పాత టైర్ల మొహం చూసినవాడు ఒక్కడు లేడు.

"ఎలా ఉంది?" అన్నాడు ఫల్గుణరావు, దిగడం మొదలుపెట్టాక.

"బాగానే ఉందండి. నాకే ఆశ్చర్యంగా ఉంది" అంది ఆవిడ. నిజంగానే అంది. ఆ క్షణాన బండి ఆయనకి దక్కినట్టే.

ఆ మాటకి మనిషి తేలిపోయాడు. కాస్త గట్టిగా నొక్కాడు. మలుపు దగ్గరపడ్డాక వేగం ఎక్కువైందని తెలిసి, స్టీరింగు తిప్పుతూనే బ్రేకు తొక్కాడు. బరువంతా నా మీదికి వచ్చింది. నా గాడులు నీళ్ళని పక్కకి తోశాయి. నేను రోడ్డుని పట్టుకున్నాను, నా జతా పట్టుకుంది. తిరగమన్న వైపు తిరిగాం. వెనక ఉన్న చెక్కముక్కలే వదిలేశాయి. బండి తోక బయటికి విసురుగా వచ్చి, మమ్మల్ని దాటి, మొత్తం కారు వెనక్కి తిరిగిపోయి, పిట్టగోడకి జానెడు దూరంలో ఆగింది. ఎటునుంచి వచ్చామో అటే చూస్తూ నిలబడ్డాం. కొబ్బరిచిప్పలు కాళ్ళ దగ్గర దొర్లాయి.

వెనకాల వస్తున్న బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏటి బాబూ, దేవుడి కాడ ఏటైనా మర్సిపోనావేటి?" అని అడిగాడు. బస్సులో జనమంతా నవ్వారు.

ఫల్గుణరావు దిగి వచ్చి నన్ను కాలితో తన్నాడు. నన్ను, అక్షరాలా నన్నే. "కొత్త టైర్లు మోసం చేశాయి హైమా. పట్టు లేదు వీటికి. ఆ పైడిరాజు సంగతి చెప్తాను."

"ముందు బాగానే తిరిగిందండి" అంది హైమవతి. "వెనకే జారింది. వానలో స్కూటీ వెనక చక్రం జారితే ఇలాగే ఉంటుంది, నాకు తెలుసు."

"స్కూటీకీ దీనికీ పోలికా?"

ఆవిడ కాళ్ళ దగ్గరి కొబ్బరిచిప్పలు ఏరి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు భయం వేసిందండి" అంది. అంతే. ఆయన మొహం చూస్తే, నాకే ఒక్క క్షణం అయ్యో అనిపించింది. మళ్ళీ నన్ను తన్నిన సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

కారు అమ్మేశాడు. అప్పన్న సాక్షి కదా, తప్పించుకునే దారి లేదు. అమ్మేముందు, ఈ మోసపు టైర్లతో ఇస్తే పాపం తగులుతుందని మమ్మల్ని పీకించి, పైడిరాజు మొహాన పారేసి, వేరే రెండు ముందు వేయించాడు. వెనకవి వెనకే ఉన్నాయి. వాటికి మళ్ళీ పాలిష్ కూడా రాశారు. పైడిరాజు ఈసారి నోరే ఎత్తలేదు.

మమ్మల్ని ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు తన బండికి వేసుకుని తీగలు కనబడేదాకా అరగదీశాడు. నా జత నక్కపల్లి దగ్గర పేలిపోయింది. నేను ఇక్కడికి వచ్చాను. ఒంటికి ఎర్ర రంగూ తెల్ల రంగూ పూశారు. చెంప మీద పసుపు అక్షరాలు మాత్రం సగం సగం మిగిలాయి.

మొన్న ఆదివారం ఆ వాట్సాప్ గ్రూపంతా ఇక్కడికి దిగింది. ముందు నడుస్తున్నది ఫల్గుణరావే. కారు పోయినా అనుభవం మిగిలింది కాబట్టి, కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్తున్నాడు. "టైర్ల దగ్గర కక్కుర్తి పడకండి. చవకరకం కొని బండి పోగొట్టుకున్నవాణ్ణి, చెప్తున్నాను." చెప్పి, హెల్మెట్ పెట్టుకుని, మూడో మలుపులో స్టీరింగు తిప్పుతూనే బ్రేకు తొక్కి, బొంగరంలా తిరిగి తిన్నగా వచ్చి నన్ను గుద్దాడు. అదే తప్పు. అదే మనిషి. గట్టిగానే గుద్దాడు. నేను పట్టి ఆపాను.

హైమవతి కంచె అవతలినుంచి కంగారుగా వచ్చింది. ఆయనకి దెబ్బేమీ తగల్లేదని చూసుకుని, తర్వాత నన్ను చూసింది. వంగి, చెంప మీద అక్షరాలు వేలితో తుడిచింది.

"ఇది మన టైరు కదండీ."

ఆయన హెల్మెట్ తీసి చూశాడు. "అదే. దీనివల్లే నా బండి పోయింది."

"ఇది ఆ రోజూ జారలేదు, ఈ రోజూ మిమ్మల్ని ఆపింది" అంది ఆవిడ. "జారినవి వెనకవి. అప్పుడే చెప్పాను."

ఆయన వినలేదు. కార్టు బ్రేకులు బాగోలేవని ఎవరికో చెప్పడానికి వెళ్ళిపోయాడు. ఆవిడ కొంగు దోపుకుని, ఆయన వదిలేసిన హెల్మెట్ పెట్టుకుని అదే కార్టులో కూర్చుంది. అందరూ నవ్వారు. మూడో మలుపు దగ్గర వెనక చక్రాలు కాస్త జారాయి. ఆవిడ కంగారుపడి బ్రేకు తొక్కలేదు, జారుతున్న వైపుకే స్టీరింగు కొద్దిగా తిప్పి సర్దుకుంది. నాకు బెత్తెడు దూరంలోంచి, నన్ను తాకకుండా వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళలో నాకు పసుపు పూశారు, కుంకం పెట్టారు, రంగులు వేశారు, ఫోటోలు తీశారు. నాకు మర్యాద జరిగింది మాత్రం అప్పుడొక్కసారే.