కింది మూలన సోల

అన్నపూర్ణ ఒక ఆటను దొంగాట అందంటే ఇక దాని మీద అప్పీలు లేదు. అరకులోయలో సంతకు వెళ్లే దారి మొదట్లోనే వాళ్ల కిరాణా కొట్టు. బిల్లుల కోసమని భర్త వరహాలరావు కొన్న కంప్యూటర్ వెనక గదిలో బల్ల మీద ఉంది గాని, దాని మీద ఆయన కొట్టిన బిల్లులు తక్కువ, ఆవిడ ఆడిన ఆటలు ఎక్కువ. మధ్యాహ్నం బేరం సన్నగిల్లగానే కళ్లజోడు తుడుచుకుని కూర్చునేది. తెర మీద ఓ గది, గది నిండా గుట్టలుగా సామాను. అందులో దాగిన తాళంచెవి, కత్తెర, గుర్రపు నాడా వెతికి పట్టుకోవాలి. మధ్యమధ్యలో ఓ చిక్కుముడి విప్పాలి. అంతే ఆట.

అంతే అని మనం అనుకుంటాం. ఆవిడ అనుకోదు. చీపురు తలుపు వెనక ఉంటే అది న్యాయంగా దాచినట్టు. కత్తెర పైకప్పుకి అంటుకుని ఉంటే అన్యాయం. ఎవరింట్లో కత్తెర పైకప్పుకి అంటుకుంటుంది? నల్లరాతి మీద నల్ల తాళంచెవి గీస్తే దాచడం కాదు, మసి పూయడం. గడియారం పెట్టి తరిమే ఆటలంటే ఒళ్లు మంట. "నేను ఆడుకుంటన్నానా, బస్సందుకుంటన్నానా?" అనేది. పలకలు అటూ ఇటూ జరిపే చిక్కుముడి వస్తే మొహం చిట్లించేది, తాళం వేసిన పెట్టె వస్తే మాత్రం కుర్చీ ముందుకు లాక్కునేది. ఇక కథలైతే అన్నీ ఒకటే. పొగమంచులో పాడుబడ్డ మేడ, మాయమైపోయిన మేనమామ, గోడ మీద కాకి. "అంత మేడకి ఊడ్సే మనిసి ఒక్కర్తీ లేదేటి? రోజూ ఊడ్సుంటే ఈ సామానంతా ఎప్పుడో దొరికీసేది" అని విసుక్కునేది.

అన్నిటికంటే పెద్ద పాపం హింట్ మీట నొక్కడం. నొక్కితే దాగిన వస్తువు మిలమిలా మెరిసి తనంతట తానే పట్టుబడిపోతుంది. పక్కింటి కూర తెచ్చుకుని మన వంటని చెప్పుకోవడం లాంటిదని ఆవిడ లెక్క. ఏనాడూ నొక్కలేదు. వస్తువు దొరక్క ఆటనే తిట్టిపోసేవాళ్లను చూస్తే, ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆవిడ నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

ఈ మధ్య మాత్రం ఆటలకి వెనకటి నిజాయితీ పోయిందని ఆవిడ నమ్మకం. ఎంత వెతికినా చివరి ఒకటి రెండు వస్తువులు దొరకవు. వీళ్లకి దాచడం చేతకాక మోసం మొదలుపెట్టారని తేల్చేసింది.

సరిగ్గా అలాంటి రోజుల్లో కిరండోలు రైలు దిగి భానుశ్రీ వచ్చింది. అన్నపూర్ణ అక్క కూతురు. విశాఖపట్నంలో ఉద్యోగం మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి సొంతంగా ఒక ఆట తయారుచేసింది. ఏ పాడుబడ్డ మేడా లేదు అందులో. అరకు సంతే ఆట. చిన్నప్పుడు సెలవులకొచ్చి పిన్ని ఒళ్లో కూర్చుని ఈ ఆటలు చూసిన పిల్ల కదా, మొదట పిన్నే ఆడాలని పట్టుబట్టింది. పిన్ని మెచ్చితే సోమవారం ఆటను బయటికి వదలడం. దొంగాట అంటే మళ్లీ మొదటికి రావడమే. అందుకని అన్నం దగ్గర కూర్చున్నా ఆ పిల్లకి ముద్ద దిగలేదు.

వరహాలరావుకీ దిగలేదు గాని, దానికి వేరే కారణం ఉంది. "అల్లం పచ్చడి, అల్లం చారు, అల్లం మజ్జిగ. నెల్లాళ్ల బట్టీ ఇదే తిండమ్మా. రేపు అల్లం పాయసం కూడా వండీగలదు మీ పిన్ని" అన్నాడు.

"సంతలో కొన్నది పారబోత్తానేటండీ?" అంటూ అన్నపూర్ణ లేచి, గుమ్మం దగ్గర పప్పు బస్తాకి కాలు తగిలి తూలింది. "బస్తాలు దారిలో పెట్టొద్దని ఎన్నిసార్లు సెప్పినాను మీకు?" అని ఆయన మీద కేకలేసింది. బస్తా ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఆయన అల్లం మజ్జిగ కలుపుకున్నాడు, కాపురం తెలిసిన మనిషి.

భానుశ్రీ ఆట పెట్టింది. తెర మీద సంత పరుచుకోగానే అన్నపూర్ణ మొహం విచ్చుకుంది. పైన గుంజలకి కట్టిన రిబ్బన్లు, గొడుగులు, నడిమిన గాజుల దుకాణం, బుట్ట కింద కోడిపెట్ట, కింద నేల మీద రాజ్మా, పసుపు, చోళ్ల కుప్పలు. "ఓలమ్మ, మన సంతే!" అని ముందుకు వంగింది. గొడుగు, దువ్వెన, ఈల, కాటుక డబ్బీ చకచకా పట్టేసింది. ఒక్కోటి దొరికినప్పుడల్లా మెచ్చుకుంటూనే ఉంది. కాటుక డబ్బీ గాజుల పక్కన పెట్టడం బాగుంది. ఈల పిల్లాడి మెళ్లో వెయ్యడం ఇంకా బాగుంది. భానుశ్రీకి ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఆట ఆగిపోయింది. చోళ్లు కొలిచే సోల, ఒక చెప్పు, ఓ కుక్కపిల్ల మిగిలాయి. అన్నపూర్ణ వెతుకుతోంది. టీ చల్లారింది. కొట్లోంచి ఎవరో సబ్బడిగారు, వరహాలరావు ఇచ్చి పంపాడు. ఆవిడ ఇంకా వెతుకుతూనే ఉంది.

"హింట్ నొక్కు పిన్నీ."

"నా కంఠంలో ప్రాణముండగా నొక్కను. లేని సోల ఎక్కణ్ణించి వస్తాదే? దాసడం మర్సిపోయినారు మీరు."

భానుశ్రీ వేలుపెట్టి చూపించింది. సోల కింది మూలన, చోళ్ల కుప్ప పక్కనే, పట్టపగల్లా ఉంది. అన్నపూర్ణ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. ఆ మూల తను చూశాననే ఆవిడ అనుకుంటోంది. అక్కడ ఉత్త మట్టినేల కనపడినట్టు గుర్తు.

"ఇది దొంగాటే గుంటా" అంది చివరికి. "నీదని సెప్పి అబద్ధమాడలేను."

భానుశ్రీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆడిన వాళ్లందరూ మొదట పట్టుకున్నది ఆ సోలనే పిన్నీ. చోళ్ల పక్కన కాకపోతే సోల ఇంకెక్కడుంటుంది? ఈ మాట నాకు నేర్పింది నువ్వే కదా?"

అన్నపూర్ణ కంప్యూటర్ కట్టేసింది. చిక్కుముడి విప్పకుండా వదిలితే ఆవిడకి నిద్ర పట్టదు. "రేపు శుక్రవారం. సంతకి ఎల్దాం. సామాను ఎక్కడ ఎలగుంటాదో దగ్గరుండి సూపిత్తాను" అంది.

తెల్లారి సంతలో పిన్ని ముందు, పిల్ల వెనక. అన్నపూర్ణ చెయ్యెత్తి గొడుగుల వరస చూపిస్తూ నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ పోయి యర్రమ్మ అల్లం కుప్ప మీద కాలేసింది.

"ఓలమ్మో! బోణీ అవ్వకుండానే కాలెట్టీసినావేటి సావుకారమ్మా! వారం వారం ఇదే వరసేటి?" అని యర్రమ్మ గోలపెట్టింది.

"దారిలో పరిసీసి నన్నంటావేటి?"

"నా కుప్ప ఎప్పుడూ ఈ రాయి పక్కనే. మా అమ్మ కూకున్నదీ ఇక్కడే. ఊరందరికీ అగుపడతాది, నీకే అగుపడదు."

యర్రమ్మ కూర్చునే వరసలో ఓ పద్ధతి ఉంది. బోణీ కాని కుప్పను తొక్కిన మనిషి అందులోంచి ఒక కొమ్ము తీసి కళ్లకద్దుకుని, తనే మొదటి బేరం చెయ్యాలి. లేకపోతే ఆ పూట ఇక కుప్ప కదలదని వాళ్ల భయం. అన్నపూర్ణ అలవాటైన చేత్తో అల్లం కొమ్ము కళ్లకద్దుకుని సంచీ చాపింది. యర్రమ్మ అల్లం పోస్తూ నవ్వేసింది. "సూసి నడు తల్లీ. నీ కాలికి నా అల్లమంటే ఏటి మోజో!"

భానుశ్రీ నవ్వలేదు. సంచీలో పడుతున్న అల్లాన్ని, పిన్ని పాదాల్ని, పిన్ని కళ్లని ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఇంటికి రాగానే కంప్యూటర్ తెరిచింది.

"బొమ్మలో తప్పుందో, చూసేవాళ్లలో తప్పుందో తేలనప్పుడు మేమొక పని చేస్తాం పిన్నీ. బొమ్మని తలకిందులు చేసేస్తాం. సోల నిజంగా మాసిపోయి ఉంటే తలకిందులైనా కనపడదు."

అన్నపూర్ణకి ఆ ఉపాయం నచ్చింది. కుర్చీ ముందుకు లాక్కుంది. "సెయ్యి బేగి."

సంత తిరగబడింది. నేల పైకి, గొడుగులు కిందికి వచ్చాయి. చెప్పు, కుక్కపిల్లల చోట్లు కూడా మార్చేసింది భానుశ్రీ, నేల మీదే, ఇంకో వైపుకి. అన్నపూర్ణ మీట మీద వేలు పెట్టీపెట్టకముందే చెప్పు దొరికింది. వెంటనే కుక్కపిల్ల. పైన సోల ఇంతలావున ఉంది. ఆవిడ నవ్వింది, గెలిచినట్టు. తర్వాత గొడుగు వెతకబోయింది. నిన్న అన్నిటికంటే ముందు చిక్కిన గొడుగు ఎంతకీ దొరకలేదు.

"మళ్లీ తిప్పు" అంది. భానుశ్రీ తిప్పింది. గొడుగు దొరికింది, కింద ఉన్నవి మాయమయ్యాయి. "మళ్లీ." ఆవిడ గొంతులో కోపం లేదు. తాళం వేసిన పెట్టె ముందు కూర్చున్నప్పటి కుతూహలమే ఉంది. అలా ఎన్నిసార్లు తిప్పించిందో. చివరికి మీట మీంచి చెయ్యి తీసేసింది. మూలనున్న అల్లం బుట్ట వంక చూసింది. గుమ్మం దగ్గరి పప్పు బస్తా వంక చూసింది.

"గుంటా, ఇది నీ బొమ్మ కాదే. నా కన్ను" అంది.

అప్పుడు భయమేసింది ఆవిడకి. మామూలు భయం కాదు. చీకట్లో తడుముకుంటూ కొట్లో తిరుగుతున్నట్టు, సంతలో ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు కళ్లకి కట్టింది. వరహాలరావు వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేక ఏడ్చింది. ఆయన సంత రోజని కూడా చూడకుండా కొట్టు తలుపు దించేసి పక్కన కూర్చున్నాడు.

మర్నాడు విశాఖపట్నంలో కంటి ఆసుపత్రిలో గిన్నెను బోర్లించినట్టున్న తెల్లని యంత్రం ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసి, నడిమినున్న దీపాన్నే చూస్తూ, పక్కన ఎక్కడైనా చుక్క మెరిస్తే మీట నొక్కమన్నారు.

"ఇదేటి ఆట డాక్టరమ్మా? హింట్ లేదేటి?" అంది, భయాన్ని దాచుకుంటూ.

"హింట్ ఇస్తే నాకు నిజం తెలీదు కదమ్మా" అంది డాక్టరు.

అన్నపూర్ణ ఇంత న్యాయమైన ఆట ఎప్పుడూ ఆడలేదు, ఇంతలా ఓడనూ లేదు. కంట్లో ఒత్తిడి పెరిగి కిందివైపు చూపును కొంత తినేసిందని డాక్టరు చెప్పింది. పోయింది తిరిగి రాదు. రోజూ మానకుండా చుక్కల మందు వేసుకుంటూ, చెప్పినప్పుడల్లా చూపించుకుంటూ ఉంటే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఇంకా ఆలస్యం చేసుంటే ఇదీ చెప్పలేకపోయేదాన్నంది.

"మరి నాకు నల్లగా అగుపడలేదేటి? అక్కడ నేల ఉన్నట్టే ఉంది."

"చూపు లేనిచోట నలుపు కనపడదమ్మా. చుట్టూ ఏముందో చూసి మన మెదడే అక్కడ నింపేస్తుంది."

తిరుగు రైల్లో అన్నపూర్ణ చాలాసేపు ఆ సంగతే ఆలోచించింది. నల్లరాతి మీద నల్ల తాళంచెవి గీసిన వాళ్లని ఎంత తిట్టిందో! తన తలకాయే తనకి తెలియకుండా మసి పూస్తోంది. ఎంత బాగా పూసిందోనని ఆశ్చర్యపోయింది కూడా. సొరంగాల్లో రైలు దూరినప్పుడల్లా మాత్రం భానుశ్రీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక ఆ పిల్ల రాత్రంతా కూర్చుని ఆటలో ఏదో మార్చింది. ఆదివారం మధ్యాహ్నం పిన్నిని పిలిచి చూపించింది. సోల ఇప్పుడు పైన, గొడుగుల పక్కన, గుంజకి వేలాడుతోంది. చెప్పు కూడా పైకెక్కింది. అన్నపూర్ణ అన్నీ క్షణంలో పట్టేసింది. పట్టేసి భానుశ్రీ వైపు తిరిగింది.

"సోలని గుంజకి ఎవరు కడతారే?"

"నీకు కనపడాలని..."

"నా కన్ను పాడైందని సంతే మారిపోతాదా? యర్రమ్మ అల్లాన్ని సెట్టుకి కట్టుకుంటాదేటి? ఎక్కడిదక్కడ పెట్టు. ఇప్పుడైంది ఇది దొంగాట, మొన్న కాదు. ఆడలేక మద్దెల ఓడన్నాను, నిన్ను ఏడిపించీసినాను. తీసీ, కిందెట్టు."

భానుశ్రీ కళ్లు తుడుచుకుని సోలనీ చెప్పునీ వాటి చోట్లకి దించింది. చోళ్ల కుప్ప చుట్టూ బొమ్మలో చెదిరిన అంచులన్నీ సరిచేసింది. కుక్కపిల్లని ఈసారి ఎక్కడ పెట్టిందో పిన్నికి చెప్పలేదు. తనే వెతుక్కోవాలని పిన్నీ అడగలేదు. ఆట సోమవారం బయటికి వెళ్తుందని ఇద్దరికీ తెలిసిపోయింది.

అన్నపూర్ణ చుక్కల మందు వేసుకుని, కాసేపు కళ్లు మూసుకుని, బల్ల ముందు కూర్చుంది. గడ్డం కిందికి దించింది. డాక్టరమ్మ నేర్పినట్టు ముందు తెర అడుగు అంచు పట్టుకుని, ఒక చివర నుంచి రెండో చివరికి, సంతలో కుప్పల మధ్య అడుగేసినట్టు నెమ్మదిగా చూసుకుంటూ పోయింది. రాజ్మా. పసుపు. మట్టి. ఇంకొంచెం మట్టి. చోళ్లు.

కొట్లోంచి వరహాలరావు గొంతు వినిపించింది. "సోల దొరికిందేటి?"

"ఎక్కడికి పోతాదండీ?" అంది అన్నపూర్ణ, తల వంచుకునే. "ఉన్న సోటే ఉంది."