మూలకొట్టు గడప

పొద్దున్న తొమ్మిదింటికి మూలకొట్టు షటరు గడగడమంటూ పైకి లేచింది. దానికన్నా గట్టిగా జిప్పక్క గుండె కొట్టుకుంది. పద్నాలుగేళ్లుగా ఆ కొట్టు ముందు పేవ్‌మెంటు మీద, అతుకుల గొడుగు కింద కూర్చుని, ఊళ్లోవాళ్ల సంచుల జిప్పులూ గొడుగు ఊచలూ పెట్టెల చక్రాలూ బాగుచేస్తున్న మనిషి ఆవిడ. ఆ షటరు చప్పుడు కొన్ని వేలసార్లు విని ఉంటుంది. ఇవాళ మాత్రం అది లేచింది ఆవిడ కోసం. ఒక్క రోజుకే అనుకోండి, అయితేనేం, ఆ సంబరానికి ముందురోజు నుంచీ అన్నం సరిగ్గా దిగలేదు.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వీధి వెడల్పు చేస్తారట. పేవ్‌మెంటు మీద కూర్చుని పనిచేసేవాళ్లందరూ ఖాళీ చెయ్యాలని నోటీసు అంటించారు. కొట్టు దొరికిందా, పని నిలుస్తుంది. దొరకలేదా, పటకారూ సూదులూ మూటకట్టుకుని ఇంటికి పోవడమే. అందుకే మూలకొట్టు ఖాళీ అయిందని తెలిసిన రోజునే ఆవిడ చీర కొంగు నడుముకి బిగించి మేడమీద మామ్మ దగ్గరికి వెళ్లింది.

మేడమీద మామ్మ ఆ భవనం యజమాని. డెబ్భై దాటాయి గానీ నోరు మాత్రం ముప్పై దగ్గరే ఆగిపోయింది. ఆ వీధి వేసిన వేషాలన్నీ పైనుంచి చూసిన మనిషి. టైపు నేర్పిన చోట ఇప్పుడు కండలు పెంచుతున్నారు. ఫొటోలు తీసిన చోట కళ్లజోళ్లు అమ్ముతున్నారు. టైలర్ల వరస మొత్తం రెడీమేడ్ బట్టల పాలైంది. ఇక మూలకొట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో రేడియోలు బాగుచేశారు, క్యాసెట్లు అమ్మారు, ఫోన్ బూత్ పెట్టారు, ఇంటర్నెట్ సెంటర్ నడిపారు, చివరికి జిరాక్సు తీశారు. వచ్చినవాడల్లా గోడకి నాలుగు మేకులు కొట్టాడు, పోయినవాడల్లా అవి వదిలేసి పోయాడు. ఆఖరి ముగ్గురైతే రిబ్బన్లు కత్తిరించిన ఆర్నెల్లకే బోర్డు విప్పుకున్నారు. దాంతో మామ్మకి అడ్వాన్సుల మీదా కాగితాల మీదా నమ్మకం పోయి, ఈసారి కొత్త పరీక్ష పెట్టింది.

“అడిగింది మీరిద్దరు. చెరో రోజు ఇస్తా, తొమ్మిది నుంచి ఆరు దాకా” అంది. “గడప దాటి లోపలికొచ్చిన మనుషుల్ని నేనే లెక్కపెడతా. మనిషికి ఒక్కసారే. మీవాళ్లు లెక్కలోకి రారు. అంతా చూసి నాకు ఎవరికివ్వాలనిపిస్తే వాళ్లకిస్తా. తర్వాత నా దగ్గర ఏడుపులు పనికిరావు.”

ఆ రెండో మనిషి ఫోన్ కవర్లాయన. నిన్న ఆయన వంతు. రంగు బల్బులు వేలాడదీసి, పాటలు పెట్టి, లోపలికి వచ్చినవాళ్లకి ఫోన్ తుడుచుకునే గుడ్డముక్క ఉచితం అన్నాడు. మామ్మ పక్కమెట్ల మీద పీట వేసుకుని, మనిషికో అగ్గిపుల్ల డబ్బాలో వేస్తూ కూర్చుంది. సాయంత్రానికి రెండు అగ్గిపెట్టెలు ఖాళీ అయి మూడోది తెరిచింది. లెక్క నూట పన్నెండు తేలింది.

“నూట పన్నెండేమిటి, మనకి నూట యాభై వస్తారు చూడు వదినా” అంది కత్తెర.

కత్తెర అంటే జిప్పక్క ఆడపడుచు. ఇరవయ్యేళ్లు టైలరు షాపులో పనిచేసింది. ఆ షాపు మూతపడ్డాక మిషను ఇంట్లో మూల పెట్టి, కాలక్షేపానికి వదినగారిని సతాయిస్తోంది. కొట్టు వస్తే సగం జిప్పులకి, సగం ఆల్టరేషన్లకి అని ఇద్దరి ఒప్పందం. ఆవిడ చేతిలో కత్తెరకీ నోటికీ పదునులో తేడా ఏమీ లేదు కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

ముహూర్తం కూడా కలిసొచ్చింది. రేపు బళ్లు తెరుస్తారు. పైన మబ్బు పట్టి ఉంది. ఇంకేముంది, వీధి చివరి నుంచే పిల్లల సంచులూ పాత గొడుగులూ వరస కట్టాయి. జిప్పక్క చేతులు చకచకా ఆడుతున్నాయి. జిప్పు రన్నర్ తీసి, పళ్లు సరిచేసి, కొవ్వొత్తి ముక్కతో రుద్ది, సర్రున లాగి చూపించి, “ఇదిగో, ఇంకో అయిదేళ్లు నన్ను తల్చుకోకండి” అంటోంది. అందరూ నవ్వుతున్నారు. చుట్టూ ఇసుక వేస్తే రాలని జనం. ఇంతమందిని చూసి మామ్మ కళ్లు తిరిగి ఉంటాయని ఆవిడకి లోలోపల ఒకటే పొంగు.

పన్నెండున్నరకి కత్తెర మెట్లదాకా వెళ్లి, పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“వదినా, ఎంతమందనుకుంటున్నావ్?”

“డెబ్భై ఉంటారా?”

“మూడు.”

“మూడు పదులా?”

“మూడు పుల్లలు! ఒకడు జిరాక్సు ఉందా అని అడగడానికి వెళ్లాడట. ఒక పిల్లాడు బంతి కోసం వెళ్లాడట. ఇంకొకాయన ఫోన్ మాట్లాడుకోడానికి నిలబడ్డాడట. నువ్వు ఎక్కడ కూర్చున్నావో ఒకసారి చూసుకో తల్లీ!”

జిప్పక్క చూసుకుంది. పేవ్‌మెంటు మీద కూర్చుంది. అదే పాత గోనెపట్టా, అదే అతుకుల గొడుగు. పొద్దున్న షటరు ఎత్తగానే లోపల ఊడ్చింది, తుడిచింది, బల్బు వెలుగుతోందో లేదో చూసింది, ఆ తర్వాత కాళ్లు వాటంతట అవే బయటికొచ్చి రోజూ కూర్చునే చోటే కూర్చున్నాయి. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. కత్తెర కూడా ఆవిడ పక్కనే కూర్చుని దారం ఎక్కించి ఇస్తూనే ఉంది మరి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈవిడ రచ్చ గెలిచి ఇంట ఓడిపోయేలా ఉంది.

“అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే” అని కత్తెర నెత్తి కొట్టుకుంది. “లే వదినా, లే!”

“లోపల వెలుతురు చాలదే, పళ్లు కనపడవు.”

“బల్బుంది. నీకు లేనిదల్లా అలవాటు. లేస్తావా, గోనెపట్టాతో సహా ఈడ్చెయ్యనా?”

ఇద్దరూ సామానంతా ఎత్తి లోపల పడేశారు. జిప్పక్క కొట్టు మధ్యలో, బల్బు కింద కూర్చుంది. మూడు పుల్లలు! ఇంకా అయిదున్నర గంటలే ఉంది.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. జనం రావడమైతే వస్తున్నారు గానీ, గడప రాయి దగ్గరికి వచ్చి ఠక్కున ఆగిపోతున్నారు. ఒక పంతులమ్మగారు రాయి అవతల నిలబడి, ఒళ్లంతా ముందుకి వంచి, చెయ్యి చాపి సంచీ అందిస్తోంది. చెయ్యి లోపల, కాళ్లు బయట. ఆవిడ వెనకాల ఇంకో ఆరుగురు అలాగే వంగి నిలబడ్డారు. పద్నాలుగేళ్ల నుంచి వాళ్లకీ అదే అలవాటు. ఇచ్చేసి పక్కకి జరగడమే వాళ్లకి తెలుసు.

“పిలువు వదినా” అని గొణిగింది కత్తెర.

“ఏమని?”

“లోపలికి రండి అను. రెండు ముక్కలేగా!”

రెండు ముక్కలే. కానీ జిప్పక్క నోరు పెగల్లేదు. ఇలా ఇవ్వండి, అక్కడ పెట్టండి, కాస్త పక్కకి జరగండి దారికి అడ్డం అని లక్షసార్లు అని ఉంటుంది. లోపలికి రమ్మని మాత్రం ఎవరినీ పిలిచి ఎరగదు. పిలవడానికి ఆవిడకి లోపల అంటూ ఒకటి ఎప్పుడుంది గనక? ఇల్లు ఒంటిగది. వచ్చినవాళ్లతో గుమ్మంలోనే మాట్లాడి పంపించడం. ఆ సంగతి ఇప్పుడు తట్టేసరికి దుఃఖం వచ్చింది. దుఃఖపడడానికి ఇదా సమయం అని తనని తనే తిట్టుకుంది.

“లోప... లోపలికి రండి పంతులమ్మగారూ” అంది. సగం మాట గాల్లోనే పోయింది.

“ఆఁ?”

“లోపలికి రండి! కూర్చోండి!”

ఈసారి వీధి అవతలికి వినపడింది. పంతులమ్మ ఉలిక్కిపడి, అటూ ఇటూ చూసి, రాయి దాటింది. మెట్ల మీద పుల్ల డబ్బాలో పడిన చప్పుడు టప్‌మని ఇద్దరి చెవులకీ వినపడింది.

ఇక చూడాలి ఆ జోరు. ఇంటర్నెట్ సెంటర్ వాళ్లు వదిలేసిన బెంచీని కత్తెర వెనకనుంచి ఈడ్చుకొచ్చి గోడవార వేసింది. బాగుచేసిన సంచులన్నీ ఆ గోడమీది పాత మేకులకి తగిలించింది. ఎవరిది వాళ్లే వచ్చి వెతుక్కోవాలి. వెతుక్కుంటూ పక్కవాళ్ల సంచులు చూసి, “ఇలా కూడా కుడతారా?” అని అడిగి ఇంటికి పోయి తమవి తెచ్చుకున్నారు. ఇన్నాళ్లూ నిలబడి ఇచ్చిపోయినవాళ్లు ఇప్పుడు కూర్చుని కబుర్లు పెట్టుకున్నారు. ఒకాయన తన ప్యాంటు నడుము బిగువైందని కత్తెర చెవిలో రహస్యంగా చెప్పాడు. “బిగువైంది ప్యాంటు కాదు బాబాయ్” అని ఆవిడ కొట్టంతా వినపడేలా జవాబిచ్చింది.

అన్నింటికన్నా పెద్ద వేడుక పెట్టెల చక్రాలు. పేవ్‌మెంటు మీద రాళ్లన్నీ ఎగుడుదిగుడు. చక్రం వేసి ఇచ్చాక అది దొర్లుతుందో లేదో ఇంటికి పోతేగాని తెలిసేది కాదు. ఇక్కడ గడప నుంచి వెనక గోడదాకా నున్నటి నేల. “లాగి చూసుకోండి!” అంది జిప్పక్క. ఒకామె లాగి చూసింది. ఆవిడ వెనక ఇంకొకాయన లాగాడు. కాసేపటికి కొట్టంతా రైల్వే ప్లాట్‌ఫారం అయిపోయింది. ఆ గరగరలు విని పక్క షాపులవాళ్లు ఏం జరుగుతోందని తొంగిచూశారు. “తొంగిచూస్తే లెక్కలోకి రారు, లోపలికి రండి!” అని ఇప్పుడు జిప్పక్కే చెయ్యి ఊపి పిలుస్తోంది. ఆ మాట నోట్లో బెల్లంముక్కలా తియ్యగా ఉంది. అనే కొద్దీ అనాలనిపిస్తోంది.

నాలుగింటికి కవర్లాయన వచ్చాడు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, గడప రాయికి జానెడు దూరంలో, కాలు పొరపాటున కూడా పడకుండా నిలబడ్డాడు.

“నూట పన్నెండు అక్కా, మర్చిపోకు” అన్నాడు.

అంతలో ఆయన వెనకనుంచి ఆయన భార్యే చక్రం ఊడిన పెట్టె పట్టుకుని వచ్చింది.

“ఏమేవ్, నువ్వెక్కడికి?”

“లోపలికి. కనపడ్డం లేదా? ఆర్నెల్లుగా చక్రం వేయించండి మహాప్రభో అంటే విన్నారా? తప్పుకోండి.”

ఆవిడ గడప దాటింది. టప్‌మంది. కత్తెర నవ్వు ఆపుకోలేక బెంచీ మీదకి వంగిపోయింది.

అయిదుంబావుకి చినుకులు మొదలయ్యాయి. చినుకులకి తోడు గొడుగులు వచ్చాయి. “వదినా, మూడో అగ్గిపెట్టె తెరిచింది!” అని కత్తెర కేక పెట్టింది. జిప్పక్క వేళ్లకి సూది గుచ్చుకుంటోంది, అయినా తెలియడం లేదు. ఆరు కావడానికి రెండు నిమిషాలుందనగా ఒక ముసలాయన పరుగెత్తుకొచ్చి, విరిగిన గొడుగుతో సహా లోపలికి దూకాడు. అంతే. మెట్ల మీద డబ్బా మూత పడింది.

మామ్మ ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి గడప ముందు నిలబడింది.

“నిన్న నూట పన్నెండు. ఇవాళ నూట ఏడు.”

అయిదు తక్కువ. పొద్దున్నంతా ఆ గోనెపట్టా మీద తగలేసిన మూడున్నర గంటలూ జిప్పక్క కళ్లముందు తిరిగాయి. ఎవరినీ అనడానికి లేదు, తన కాళ్లే తనని ముంచాయి. మెల్లగా పటకారు గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. కవర్లాయన గొంతు సవరించుకుని ముందుకి వచ్చాడు.

మామ్మ అక్కడే నిలబడి ఉంది. బొటనవేళ్లు గడప రాయికి అవతలే ఉన్నాయి. చీర తడుస్తోంది.

“ఏమ్మా, లోపలికి రావచ్చా?” అంది.

జిప్పక్కకి అర్థం కాలేదు. ఈ మామ్మ నిన్న కవర్లాయన బల్బులు పక్కకి నెట్టి ఎన్నిసార్లు లోపలికి వచ్చిపోయిందో లెక్కలేదు. ఇవాళ పొద్దున్న కూడా షటరు సగం లేవగానే వంగి దూరి, మూలలన్నీ చూసి వెళ్లింది.

“అదేమిటి మామ్మగారూ, మీ కొట్లోకి మీరు రావడానికి నన్ను అడగడమేమిటి?”

“నాదైతే అడుగుతానా?”

ఆ మాట అందరికన్నా ముందు కత్తెరకి అందింది. కెవ్వుమని కేకవేసి వదిన భుజాలు పట్టుకుని ఊపేసింది. కవర్లాయన, “మరి నా నూట పన్నెండో?” అన్నాడు. “ఉచిత గుడ్డముక్కకి వచ్చినవాళ్లు మళ్లీ గుడ్డముక్క ఇస్తేనే వస్తారు నాయనా. ఈవిడ సగం రోజులో, ఉత్త నోటిమాటతో నింపింది” అంది మామ్మ వెనక్కి తిరక్కుండానే. “ఏమ్మా, నన్ను వానలో ఇంకా ఎంతసేపు నిలబెడతావు?”

జిప్పక్క లేచి నిలబడింది. పటకారు చేతిలోనే ఉంది. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. కొట్లో ఉన్న నలుగురూ, మేకులకి వేలాడుతున్న సంచులూ, బల్బూ, అన్నీ నీళ్లలో కదులుతున్నాయి.

“రండి మామ్మగారూ” అంది. “లోపలికి రండి.”

మామ్మ చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, చుట్టం ఇంటికి వచ్చినట్టు జాగ్రత్తగా గడప దాటి, బెంచీ మీద కూర్చుంది.