నదిని విన్నవాళ్ళ ఇంటిపేరు

కోడలి ఇంటిపేరు పలకడానికి సీతారామలక్ష్మికి నాలుగేళ్ళుగా నోరు తిరగడం లేదు. పెళ్ళి శుభలేఖ మీద "లొదొస్వుఖ్ హన్నా" అని వేయిస్తే చదివినవాళ్ళలో సగంమంది అచ్చుతప్పనుకున్నారు. రాజమండ్రి దానవాయిపేటలో ఇరుగుపొరుగు అడిగినప్పుడల్లా ఆవిడ, "లోదుసుఖం వారి అమ్మాయండి" అని సర్దేసేది. హన్నా విని నవ్వేది. "బానే ఉందండి అత్తయ్యగారూ, అందులో సుఖం ఉంది కదా" అనేది.

హన్నాది పోలండు. గోదావరి సముద్రానికి మోసుకొచ్చే ఒండ్రుమట్టి ఏటేటా ఎందుకు తగ్గిపోతోందో చూడడానికి వచ్చింది. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరుగా ఉన్న సీతారామలక్ష్మి కొడుకు శరత్‌చంద్ర ఆ పిల్లని పడవెక్కించి నది మధ్యకి తీసుకెళ్ళి నీళ్ళు, మట్టి సీసాల్లోకి పట్టించేవాడు. అలా రెండు వానాకాలాలు తిరిగాక ఇంట్లో పెళ్ళి మాట ఎత్తాడు. తండ్రి సూర్యప్రకాశం సంస్కృతం లెక్చరరుగా రిటైరైన మనిషి. ఆర్నెల్లు కొడుకుతో మాట్లాడలేదు. ఆ తర్వాత పంచాంగం తనే తీసి ముహూర్తం తనే పెట్టాడు. మధ్యలో ఏం జరిగిందో భార్యకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు శ్రావణమాసం. హన్నాకి ఆడపిల్ల పుట్టింది. బారసాలకి రెండు రోజుల ముందు ఆమె తండ్రి యెజీ రాజమండ్రి వచ్చి దిగాడు. డెబ్భై దాటిన మనిషి, తాటిచెట్టంత పొడుగు, రెండు చెవుల్లోనూ వినికిడి యంత్రాలు. వాళ్ళ ఊరి బడిలో లెక్కలు చెప్పేవాడట. భార్య పోయి చాలాకాలమైంది. వచ్చీరాగానే మనవరాలి పక్కన కూర్చుని, ఆ పిల్ల నిద్రలేచేదాకా అక్కడినుంచి కదల్లేదు. లేచాక ఎత్తుకుని గోదావరి చూస్తానన్నాడు.

గోదావరికి వరదొచ్చింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. బాలింతరాలు బయటికి రాకూడదు కాబట్టి హన్నా ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే శరత్ మామగారిని కారులో ధవళేశ్వరం తీసుకెళ్తుంటే, "నేనూ వస్తాన్రా, ఈ ఏడు వరద చూళ్ళేదు" అని సీతారామలక్ష్మి వెనకసీట్లో కూర్చుంది.

బ్యారేజీ కింద ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ దూకుతున్నాయి. చెట్లకి చెట్లే కొట్టుకొస్తున్నాయి. చూడ్డానికొచ్చిన జనం ఫోటోలు తీసుకుంటున్నారు. యెజీ ఫోటో తియ్యలేదు. కాసేపు నిలబడి చూసి, చెవుల్లోంచి యంత్రాలు రెండూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత వంగి, పిట్టగోడ మీద చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఆయనకి కళ్ళు తిరిగాయేమోనని సీతారామలక్ష్మి కంగారుపడింది. "ఒరే శరత్, అన్నయ్యగారికి ఒంట్లో బాలేదేమో చూడరా."

"అదేం కాదమ్మా. వింటున్నారు."

"చెవిటిమిషన్లు తీసేసి వినడం ఏంటి?"

"వాళ్ళ ఇంటిపేరుకి అర్థం అదేనమ్మా" అన్నాడు శరత్. "లొద్ అంటే గడ్డకట్టిన నీళ్ళు. స్వుఖ్ అంటే వినడం. మంచుగడ్డని వినేవాళ్ళని."

ఆవిడకి అర్థం కాలేదు. మంచుగడ్డలో వినడానికేముంది? ఆ మాటే అంది. శరత్ మామగారి భుజం తట్టాడు. యెజీ లేచి, యంత్రాలు మళ్ళీ పెట్టుకుని, శరత్ ఇంగ్లీషులో అడిగింది విని, వియ్యపురాలి ముఖం చూస్తూ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో ముక్కా శరత్ తెలుగులో అందించాడు.

వాళ్ళ ఊరు నది ఒడ్డున ఉండేది. చర్చీ, సంతా అవతలి ఒడ్డున. వంతెన లేదు. చలికాలం వస్తే నది ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా రాయిలా పేరుకుపోయేది. నెలల తరబడి బళ్ళూ, గుర్రాలూ, పెళ్ళివాళ్ళూ, శవాలూ అన్నీ దానిమీదే దాటేవి. చిక్కల్లా మొదట్లోనూ చివర్లోనూ. గడ్డ మోస్తుందా విరుగుతుందా అన్నది పైకి చూస్తే తెలీదు. అందుకని ఊళ్ళో ఒక కుటుంబం ఉండేది. ఆ ఇంటి మగవాడు నది మీద బోర్లా పడుకుని, టోపీ తీసేసి, చెవి ఆనించి వినేవాడు. మందంగా ఉన్న గడ్డ లోలోపల గంభీరంగా మోగుతుందట. పల్చబడిన గడ్డ సన్నగా, తీగ మీటినట్టు పలుకుతుందట. ఆయన లేచి తలాడిస్తేనే బళ్ళు కదిలేవి.

ఒక ఏడు ఊరిమీదికి సైన్యం వచ్చింది. ఎవరి సైన్యమో ఆ కథ చెప్పేవాళ్ళకే తెలీదు. ఇళ్ళు తగలబడుతున్నాయి. ఊరు ఊరంతా పిల్లల్నీ పశువుల్నీ తోలుకుని నది ఒడ్డుకొచ్చింది. అప్పటికే ఎండలు మొదలై గడ్డ కరుగుతోంది. అడుగు పెడితే మునిగిపోతామని అందరికీ తెలుసు. వెనకాల మంటలు. ఆ వినే ఇంటి ముసలాయన గడ్డ మీద పడుకుని విన్నాడు. లేచి నాలుగడుగులు వేశాడు. మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ విన్నాడు. పాము నడిచినట్టు వంకరటింకరగా ఆయన ముందు, వెనకాల ఒకరి అడుగులో ఒకరు అడుగేస్తూ ఊరంతా. చంటిపిల్లల నోళ్ళు నొక్కిపట్టారట, ఆయనకి వినపడాలని. ఒక్కరు కూడా మునగలేదు. తరుముకొచ్చిన గుర్రాలు మాత్రం తిన్నగా వచ్చాయి.

శరత్ మామగారివైపు తిరిగాడు. అతనికి కూడా ఆ కథ ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"తర్వాత చర్చిలో పుట్టుకలు రాసే ఫాదరు ఆ ఇంటివాళ్ళకి ఈ పేరు పెట్టాడంటున్నారు. నిజమో అబద్ధమో తనకీ తెలీదట. ఆ రికార్డులు యుద్ధంలో కాలిపోయాయట."

"మరి ఈయనెప్పుడైనా విన్నారా, అడగరా."

యెజీ ఒక్కసారి విన్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ తాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గడ్డ మీద పడుకోబెట్టాడు. మొదట తన గుండె చప్పుడే వినపడిందట. తర్వాత చాలా దూరం నుంచి, ఎక్కడో ఎగువ నుంచి ఒక మూలుగు బయల్దేరి, తన చెవి కిందనుంచి సాగి, దిగువకి వెళ్ళిపోయిందట. నది నిద్రలో ఒత్తిగిలినట్టు ఉందన్నాడాయన. ఇప్పుడక్కడ నది గడ్డకట్టడం లేదు. అంచుల్లో పలచగా పేరుకుంటుంది, పక్షులు తప్ప ఎవరూ నడవలేరు. హన్నా ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు.

సీతారామలక్ష్మి నదివైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఈ నీళ్ళు కదలకుండా ఉండగా ఆవిడ చూడలేదు. కార్తీకంలో దీపాలు వదిలింది, పుష్కరాల్లో మునిగింది, అస్థికలు కలిపింది. అన్నీ తీసుకుని వెళ్ళిపోయే నీళ్ళే. ఈ గోదారి రాజమండ్రి నుంచి కొవ్వూరుదాకా తెల్లగా పేరుకుని, దానిమీద ఎడ్లబళ్ళు వరసగా వెళ్తున్నట్టు ఊహించుకోబోయింది. పమిట భుజం చుట్టూ లాక్కుని, వంగి, తనూ పిట్టగోడకి చెవి ఆనించింది.

గాలిలో వినపడే హోరు కాదది. రాతి లోపలనుంచి, ఎముకల్లోకి ఎక్కే మోత. దానికి మొదలూ చివరా లేవు. కాపురానికి వచ్చినప్పట్నుంచీ పక్కనే ఉన్నా నదికి ఇలాంటి గొంతుందని ఆవిడకి తెలియదు. పక్కన ఫోటోలు తీసుకుంటున్న ఆడపిల్లలెవరో ఆవిడని వింతగా చూశారు. సీతారామలక్ష్మి లేవలేదు. శరత్ "అమ్మా, వెళ్దామా" అనేదాకా అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని తిన్నగా కోడలి గదిలోకి వెళ్ళింది. పాప పాలు తాగి పడుకుంది.

"హన్నా, మీ ఇంటిపేరువాళ్ళు అక్కడ ఎంతమందుంటారమ్మా?"

హన్నా ఆశ్చర్యపోయింది. ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. "మా దేశంలో ప్రతి యేడూ గవర్నమెంటు లెక్క చెప్తుందండి, ఏ ఇంటిపేరువాళ్ళు ఎంతమంది ఉన్నారో. ముత్తాత టైములో మావాళ్ళు ఒక ఊరికి సరిపడా ఉండేవారట. యుద్ధంలో చాలామంది పోయారు. ఇప్పుడు ఆరుగురం."

"ఆరు కుటుంబాలా?"

"కాదండి. ఆరుగురు మనుషులం." వేళ్ళు మడిచింది. "నాన్న. బాబాయి, ఆయన చర్చిలో ఫాదరు. ఇద్దరు మేనత్తలు, పెళ్ళి చేసుకోలేదు, ఎనభై దాటారు. వార్సాలో ఒకాయన ఉన్నాడు, ఎవరో తెలీదు, ఉత్తరం రాస్తే జవాబివ్వడు. ఇంక నేను, పెళ్ళయ్యాక కూడా పేరు మార్చుకోలేదు కదండి. ఇద్దరైనా లేకపోతే ఆ లెక్కలో పేరే వెయ్యరండి."

"మరి పాప?"

"పాపది మీ ఇంటిపేరు కదండి, పుల్లేటికుర్తి." హన్నా గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "మావయ్యగారు జాతకం కూడా అలాగే రాశారు. బావుంటుందండి ఆ పేరు, పొడుగ్గా."

ఆవిడ పాప కాళ్ళమీద దుప్పటి సర్ది బయటికొచ్చేసింది. వంటింట్లో నిలబడింది కానీ ఏం చెయ్యడానికి వచ్చిందో గుర్తురాలేదు. ఆవిడ ఆలోచన మొగల్తూరు వెళ్ళిపోయింది. అక్కడ ఆవిడ పుట్టినింటివారు గవ్వలవారు. నాన్నకి ముగ్గురూ ఆడపిల్లలే. ముగ్గురికీ పెళ్ళిళ్ళయి ముగ్గురూ మూడు ఇంటిపేర్లలోకి వెళ్ళిపోయారు. నాన్న పోయిన రోజున అందరూ నాన్న కోసమే ఏడ్చారు. ఆయనతోపాటు ఇంకొకటి కూడా పోయిందని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. లెక్క చెప్పే గవర్నమెంటు కూడా లేదు.

సాయంత్రం సూర్యప్రకాశం వరండాలో కూర్చుని మర్నాటి బారసాలకి దర్భలు సరిచేసుకుంటున్నాడు. ఆవిడ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏవండీ, గవ్వల అంటే ఏంటండీ?"

"ఏ గవ్వలు?"

"మా పుట్టింటి పేరు. ఎందుకొచ్చిందంటారు?"

ఆయన ఇంకో దర్భ తీసుకున్నాడు. "సముద్రం పక్క ఊరు కదా. ఏదో వచ్చుంటుంది. మీ నాన్నగారు చెప్పలేదా?"

"నేనడగలేదండి. పెళ్ళయ్యాక అడగాల్సిన పని లేకపోయింది." ఆవిడ పొద్దున్న విన్న కథంతా చెప్పింది. శరత్ చెప్పినదానికంటే బాగా చెప్పింది. చంటిపిల్లల నోళ్ళు నొక్కిపట్టారన్న చోట ఆయన చేతిలో దర్భ కదలడం మానేసింది.

"ఆ ధ్వని ఎలా ఉంటుందన్నాడు?" అని అడిగాడు.

"మందంగా ఉంటే లోపల్నుంచి గంభీరంగానట. పల్చబడితే తీగ మీటినట్టట."

"మంద్రం, తారం" అన్నాడాయన తనలో తను. జీవితమంతా పిల్లలకి స్వరం తప్పకుండా చదవడం నేర్పిన మనిషి. స్వరం తప్పితే అర్థం చెడుతుందని చెప్పేవాడు. వింటే ఊరు బతుకుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"పుల్లేటికుర్తివాళ్ళు కోనసీమలోనే బోలెడంతమంది ఉన్నారండి" అంది సీతారామలక్ష్మి. "ఒకళ్ళు తగ్గితే మనకేం లోటు రాదు. అక్కడ ఆరుగురే ఉన్నారు. వాళ్ళలోనూ పిల్లల్ని కనేది మన కోడలొక్కతే."

"అమ్మాయి అడగమందా?"

"తనెందుకు అడుగుతుంది. నేనే అడుగుతున్నాను."

ఆయన దర్భలు కట్టగట్టి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆర్నెల్ల మౌనం మళ్ళీ మొదలైందేమోనని ఆవిడ భయపడింది.

మర్నాడు ముహూర్తానికి వాకిట్లో ముగ్గులు పడ్డాయి, బంధువులొచ్చారు, సన్నాయివాళ్ళొచ్చారు. యెజీ పట్టుపంచె కట్టుకుని, అది జారిపోకుండా పైన బెల్టు పెట్టుకుని, పిల్లలందరికీ వినోదమైపోయాడు. హన్నా ఒడిలో పాప. పళ్ళెంలో బియ్యం పరిచారు. శరత్ బంగారపుటుంగరం పట్టుకుని పేరు రాయడానికి సిద్ధమయ్యాడు. అనుకున్న పేరు సూర్యప్రకాశం తల్లిగారిది, అన్నపూర్ణ.

"హైమ అని రాయి" అన్నాడు సూర్యప్రకాశం.

అందరూ ఆయనవైపు చూశారు.

"హేమం నుంచి వచ్చిందనుకుంటే బంగారంది అని అర్థం. హిమం నుంచి వచ్చిందనుకుంటే మంచుది. రెంటికీ మాట ఒకటే. మన గోదారికి ఒండ్రే బంగారం. వాళ్ళ నదికి మంచు. రెండూ దీనికే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి. గోత్రం మనదే. అది నోటితో చెప్పుకునేది, ఎక్కడికీ పోదు. ఇంటిపేరు మాత్రం కాగితం మీద రాసేది. మున్సిపాలిటీలో వాళ్ళమ్మ ఇంటిపేరు రాయించు."

శరత్ ఉంగరం బియ్యంలో ఆనించి రాయడం మొదలుపెట్టాడు. వెనకనుంచి ఎవరో పెద్దాయన "అదేంటి ప్రకాశంగారూ, ఎక్కడైనా ఉందా" అని గొణిగాడు. సూర్యప్రకాశం ఆయనవైపు తిరగలేదు, కొడుకు రాసే అక్షరాలు చూస్తున్నాడు.

హన్నా తండ్రివైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. సన్నాయి మోతలో ఆయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పింది. మూడోసారి దాదాపు అరిచి చెప్పాల్సొచ్చింది. అప్పుడర్థమైంది ఆయనకి. ఆ పొడుగాటి మనిషి సూర్యప్రకాశం ఎదురుగా వెళ్ళి నిలబడి, ఏం చెయ్యాలో తెలీక, ఈ రెండ్రోజుల్లో చూసి నేర్చుకున్నట్టు రెండు చేతులూ జోడించాడు. సూర్యప్రకాశం ఆ చేతులు రెండూ పట్టుకున్నాడు. ఎవరి భాషా ఎవరికీ రాదు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. సన్నాయి ఊదేవాళ్ళు కూడా ఆపేశారు.

భోజనాలయ్యాక హన్నా బాబాయికి ఫోన్ చేసింది. తెరమీద నల్లకోటు తొడుక్కున్న ముసలి ఫాదరు కనిపించాడు. పాపని చూపించి పేరు మొత్తం చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఏదో ఒక్క మాట అన్నాడు.

"ఏమంటున్నారమ్మా?" అడిగింది సీతారామలక్ష్మి.

"ఏడు అన్నారండి."

చుట్టాలు వెళ్ళిపోయారు. విస్తళ్ళు తీశారు. సీతారామలక్ష్మి దొడ్లో అరుగు మీద కూర్చుని మొగల్తూరులో ఉన్న చెల్లెలు కామేశ్వరికి ఫోన్ కలిపింది. బారసాలకి రాలేకపోయినందుకు కామేశ్వరి తన మోకాళ్ళ సంగతి ఏకరువు పెట్టింది. అంతా విని, సీతారామలక్ష్మి అడిగింది.

"కామూ, మనల్ని గవ్వలవాళ్ళని ఎందుకంటారే?"

"ఇప్పుడెందుకే ఆ సంగతి? నాకేం తెలుసు. నాన్నెప్పుడూ చెప్పలేదు."

"చెప్పేవాళ్ళు ఎవరైనా మిగిలారా అక్కడ?"

"సముద్రంవైపు పల్లంరాజుగారని ఉన్నారు, తొంభై దాటాయి. తాతయ్యని ఎరుగున్న మనిషి. ఆయనకీ తెలుసో లేదో. మాట కూడా సరిగ్గా రాదు ఇప్పుడు."

"ఆదివారం వస్తాను" అంది సీతారామలక్ష్మి. "ఆయన దగ్గరికి నువ్వూ రావాలి. నెమ్మదిగా చెప్పనీ, దగ్గరగా కూర్చుని విందాం."