కోటిబాబు పాట పెట్టి కాచిన బీరు

ఆదివారం పొద్దున్న సూరి ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ సందులో అందరికీ ముందు వాసనే చెప్పేది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ వేడినీళ్ళలో నానుతుంటే అప్పుడే దించిన జావలా కమ్మటి వాసన. కాసేపటికి హాప్స్ పూల చేదు ఘాటు. ఆ తర్వాత పాట.

సూరి తాత శ్రీకాకుళం దగ్గర్నుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చి రంగూన్‌లోనే ఉండిపోయాడు. మనవడు లత అనే పేటలో ఇన్వర్టర్లూ బ్యాటరీలూ అమ్మే షాపులో పని చేస్తాడు. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో ఆ పనికి తీరికేముంటుంది? ఆదివారం ఒక్కటే అతనిది. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కుదరనేదు" అనేవాడు. వాళ్ళుండే తాకేటా పేటలో అందరికీ సొంత గొడవలుంటాయి కాబట్టి ఇంకెవరూ తరిచి అడగలేదు.

అతనికి ఉన్న సరదా అంతా బీరు కాయడంలోనే. సరుకులు లతలోనే ఒక చీనావాడి షాపులో దొరికేవి. కాచి చల్లార్చిన రసాన్ని నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, ఈస్ట్ చల్లి, వేడెక్కకుండా తడి గోనె చుట్టి, డ్రమ్ముకి ఆనించి చిన్న స్పీకరు పెట్టేవాడు. పులిసే దినాలన్నీ ఒక్కటే పాట. ఏ పాటకి ఏం పడుతుందో అతని నాలిక్కి తెలుసు. భజనకైతే తాటిబెల్లం వేసి నల్లగా, తియ్యగా కాచేవాడు. బర్మా కుర్రాళ్ళ గిటారు పాటకి నిమ్మగడ్డి వేసి, నురగ పొంగేట్టు తేలిగ్గా. నాటకం పద్యానికి మాత్రం హాప్స్ రెండింతలు పడాల్సిందే. గుక్క మింగాక కూడా, రాగం తీసినట్టు, చేదు నోట్లో నిలవాలి.

తాగినవాళ్ళు ఆ పాట పాడేవారు. పక్కింటి ఊ టిన్ గారికి తెలుగు ముక్క రాదు. భజన బీరు అరగ్లాసు లోపలికి పోయిందంటే గోవింద నామాలన్నీ తాళం తప్పకుండా పాడి, గ్లాసు కడిగి ఇచ్చి, ఇంటికి పోయేవారు. ఒకసారి బీరు పులిసే రోజుల్లో సందు చివర మైకులో బౌద్ధ విహారానికి దానాలిచ్చినవాళ్ళ పేర్లు తెగ చదివారు. ఆ విడత సీసాలు తెరిచినవాళ్ళు చీకటి పడేదాకా దాతల పేర్లు చదువుతూనే ఉన్నారు. రుచి చెడిందని సూరి బాధపడ్డాడు గాని, ఊ టిన్ గారి భార్య మాత్రం తన పేరు కూడా వచ్చిందని ఇంకో రెండు సీసాలు అడిగి పట్టుకెళ్ళింది.

ఎదురింట్లో దేవమ్మ, ఆవిడ కోడలు తాయారు ఉండేవారు. దేవమ్మ కొడుకు కోటిబాబు సూరికి చిన్నప్పట్నుంచీ నేస్తం. ఊరంతా దగ్గుతో మూలిగిన ఆ వర్షాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అత్తా కోడళ్ళిద్దరే. తాయారు బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్తుంది. దేవమ్మ వంట చేసి, గుమ్మంలో కూర్చుని కోడలు వచ్చే బస్సు కోసం చూస్తుంది.

ఒక ఆదివారం దేవమ్మ సందు దాటి వచ్చి సూరి పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"సూరీ, మా కోటిగాడి పాట పెట్టి ఒక బీరు కాయరా."

సూరి గరిట ఆపాడు. కోటిబాబుకి ఉన్నది ఒక్కటే పాట. ఇద్దరూ ఏటికి అవతల దలాలో పనికి పోయే రోజుల్లో, పడవ రేవు వదిలిందంటే చాలు, కోటిబాబు కమ్మీ పట్టుకుని అందుకునేవాడు. తండ్రి దగ్గర విన్న వరసకి మాటలు తనే కట్టుకున్నాడు.

"రికార్డింగు నేదు కదా పిన్నీ. ఆడి ఫోను ఏట్లో పడిపోనాది."

"నీకు వొచ్చు కదా, నువ్వే పాడు."

"నా గొంతు ఇని ఈస్ట్ కూడా సచ్చిపోతది."

దేవమ్మ నవ్వలేదు. "తాయారు అన్న ఏడుకొండలు వొస్తన్నాడురా, వచ్చే నెల. సెల్లెల్ని తన ఊరు మౌల్మేన్ తీసుకుపోతాడట. అదేమో నన్నొదిలి ఎల్లనంటది. సిన్న వొయసు. నా కాళ్ళు నొక్కుకుంట ఎన్నాళ్ళు కూకుంటది? కోటిగాడి పాట ఒక్కసారి ఇన్నాదంటే, ఆడే ఎల్లమన్నట్టుంటది. అప్పుడు కదుల్తది."

సూరి పొయ్యిలో మంట తగ్గించాడు. మళ్ళీ పెంచాడు.

"అలాగే పిన్నీ," అన్నాడు.

తాయారుని అతను 'మా తాయారు' అని పిలిచేవాడు. బర్మా మర్యాద ప్రకారం మగవాళ్ళ పేరు ముందు 'కో', ఆడవాళ్ళ పేరు ముందు 'మా' పెట్టాలి, అందులో తప్పు పట్టేదేమీ లేదు. తెలుగు చెవికి అది 'మన తాయారు' అన్నట్టు వినిపిస్తుందన్న సంగతి అతను ఎప్పుడూ పైకి తలుచుకోలేదు.

ఏటి మీద పుట్టిన పాట కాబట్టి బార్లీలో కొంచెం బియ్యం కలిపాడు. దంచిన ధనియాలూ, చిటికెడు ఉప్పూ వేశాడు. డ్రమ్ము మూత పెట్టి, దాని ముందు మఠం వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

*ఏరు దాటి రావే ఎన్నెలమ్మా,
కాలి తడి ఆరకుండా రావే...*

షాపుకి వెళ్ళే ముందోసారి, వచ్చాకోసారి పాడాడు. మొదట్లో కోటిబాబు ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో అక్కడే తీసుకుంటూ, అతన్ని తలుచుకుంటూనే పాడాడు. ఒక సాయంత్రం ఎదురింటి కుళాయి దగ్గర, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తాయారు చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కుంటోంది. 'కాలి తడి' అన్న దగ్గర సూరి గొంతు ఆగిపోయింది. మళ్ళీ అందుకున్నాడు. ఈసారి పాట వేరేగా వచ్చింది. వరస అదే, మాటలవే, పాడుతున్నవాడే మారాడు.

సూరికి భయమేసింది. ఆ రోజుతో పాడడం మానేశాడు. సీసాల్లో పోసేటప్పుడు ఎప్పుడూ ఒక గుక్క రుచి చూసేవాడు, ఈసారి చూడలేదు. పారబోద్దామని సీసాల దగ్గరికి వెళ్ళి కూడా వచ్చేశాడు. ఎదురుగా గుమ్మంలో కూర్చుని దేవమ్మ రోజూ అడుగుతూనే ఉంది, "పులిసిందేటిరా?" అని.

ఏడుకొండలు వచ్చాడు. మెత్తని మనిషి. చెల్లెలికి పళ్ళు, దేవమ్మకి కీళ్ళ నొప్పుల నూనె తెచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం బస్సు. తాయారు అవుననలేదు, కాదనలేదు. అత్త సర్దిన సంచీ గోడవారగా ఉంది.

అన్నాలయ్యాక సూరి సీసాలు పట్టుకొచ్చాడు. దేవమ్మ నలుగురికీ గ్లాసులు పెట్టింది. తాయారు గ్లాసు ముట్టుకోలేదు. సూరీ ముట్టుకోలేదు.

దేవమ్మ రెండు గుక్కలు తాగింది. ఆవిడ వణుకు గొంతులోంచి కోటిబాబు పాట వచ్చింది. ఎక్కడ సాగదీసేవాడో అక్కడే సాగింది. ఎక్కడ కొంటెగా తెంపేవాడో అక్కడే తెగింది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, అలాగే పాడింది. ఏడుకొండలు కూడా బావగారిని గుర్తుపట్టినట్టు తల ఊపుతూ గొంతు కలిపాడు. తాయారు పైట చెంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తోంది.

పాట అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు.

*గుమ్మం కాడ నిలబడిపోనాను,
పిలుపు నోట్లోనే పాతబడిపోనాది...*

కోటిబాబు ఎన్నడూ పాడని మాటలవి. ఇద్దరి నోటా ఒక్కసారే వచ్చాయి. ఆగలేదు, మళ్ళీ వచ్చాయి. మూడోసారికి ఏడుకొండలు చేత్తో నోరు మూసుకున్నాడు. "నానేటి పాడతన్నానో నాకే తెలీడం నేదు అత్తయ్యా," అన్నాడు బిక్కమొహం వేసి.

సూరి లేచి గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. చెప్పులు కనపడలేదు. అక్కడే నిలబడి, వెనక్కి తిరక్కుండా అన్నాడు:

"తప్పయిపోనాది పిన్నీ. కోటిగాడి పాట పాడుసేసినాను."

దేవమ్మ గ్లాసు కింద పెట్టింది. "పాడేటి సేసినావు? కొడుకు పాట అడిగినాను. వొచ్చింది," అంది.

తాయారు తలెత్తింది. "కో సూరి, ఆ ఎనకొచ్చిన ముక్కలు ఎవరివి?"

"నావే."

"ఎప్పట్నుంచి?"

"తెలీదు. పాడితేనే తెలిసింది."

"ఆయన ఉండుంటే?"

సూరి అప్పుడు ఇటు తిరిగాడు. "ఆడుంటే ఈ ముక్కలు నాకు పుట్టేవే కావు, మా తాయారు. ఆడుంటేనే నాకు బాగున్ను."

తాయారు కాసేపు అతన్నే చూసింది. ఆ తర్వాత తన గ్లాసు తీసుకుని, కషాయం తాగినట్టు కాకుండా, నెమ్మదిగా, రుచి చూసుకుంటూ తాగింది. ఏరు దాటి రావే అని కోటిబాబు పాట పాడింది. వినీ వినపడనంత చిన్నగా, ఒక మనిషిని నిద్రపుచ్చుతున్నట్టు పాడింది. చివరి మాట దగ్గర ఆమె పెదవులు వణికాయి. పాట పూర్తయింది. ఆ వెనక రావలసిన మాటలు ఆమె నోట్లోకి వచ్చాయని అందరికీ తెలుస్తూనే ఉంది.

తాయారు వాటిని పాడలేదు. మింగేసింది.

"గుమ్మంలో ఏటలా నిలబడిపోనావు?" అంది సూరితో. "లోపలికి రా."

సూరి లోపలికి వచ్చాడు. ఎక్కడ కూర్చోవాలో తోచక సంచీ పక్కన నేల మీదే కూర్చున్నాడు. తాయారు ఆ సంచీ ఎత్తి లోపలి గదిలో పెట్టి వచ్చి, అన్నతో అంది: "ఒక టికెట్టు వాపసిచ్చీ అన్నా. అత్తనొదిలి నానెక్కడికీ రాను. ఎక్కడికెల్లినా ఇద్దరం ఎల్తాం."

"ఎదురింటికే కదా ఎల్లడం," అన్నాడు ఏడుకొండలు, తేలికపడిన గొంతుతో. "దానికి బస్సెందుకు?"

మర్నాడు అతను ఒక్కడే బస్సెక్కాడు. మిగిలిన సీసాలు కాగితాల్లో చుట్టి పట్టుకెళ్ళాడు. మౌల్మేన్‌లో అవి తాగినవాళ్ళలో ఇద్దరు, ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు, ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడ్డారని ఫోన్లో చెప్పాడు.

వానలు తగ్గాక తాకేటా అమ్మవారి గుళ్ళో సూరికీ తాయారుకీ పెళ్ళయింది. ఊ టిన్ గారు కొత్త లుంగీ కట్టుకుని వచ్చారు. ఆ వారమంతా డ్రమ్ము ఖాళీగానే ఉంది. పెళ్ళికూతురు మంచిరోజు చూసుకుని, కుడికాలు ముందు పెట్టి, సందు దాటి సూరి ఇంట్లోకి వచ్చేసరికి, వీధి గదిలో దేవమ్మ మంచం, మంచం మీద దేవమ్మ ఉన్నారు. ఆవిడ ముందురోజే వచ్చేసింది.