అంటుకోని తామర

ఎండ మండిపోతున్నా దర్జీ తాత పొడుగు చేతుల చొక్కా వదిలేవాడు కాదు. ఎడమ మోచేతి మడత కింద నాలుగు నెలలుగా గుండ్రటి తామర మచ్చ ఉంది మరి. దుకాణానికొచ్చేవాళ్ళు చూస్తే పరువు పోతుందని మొదట దాచాడు. మనవరాలు పుట్టాక ఆ దాపరికం ఇంకా గట్టిపడింది. తెలిస్తే పాపను చేతికివ్వరని ఆయన భయం.

అయితే బట్టల సంగతి తెలిసిన మనిషి కదా! చొక్కా గుడ్డ గరుకు, పసిబుగ్గ ఒరుసుకుపోతుందని, ఎవరూ చూడనప్పుడు చేయి పైకి మడిచి మరీ ఎత్తుకునేవాడు. పాప కుడి బుగ్గ ఆ చేతికి ఆనించి హాయిగా నిద్రపోయేది. ముద్దు చేస్తూ ఎంత తెలివితక్కువ పని చేస్తున్నాడో ఆయనకు తట్టనే లేదు.

పాపకు ఇరవయ్యో రోజున ఆ బుగ్గ మీదే చొక్కా గుండీ అంత ఎర్రటి చక్రం లేచింది. అందరూ కట్టగట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తారు.

"తామర. నయమైపోతుంది, కంగారుపడకండి" అంది డాక్టరమ్మ. "కానీ ఇంత పసిపిల్లకి ఎవరో ఒకరు అంటించే ఉంటారు. ఇంట్లో ఎవరికుంది?"

కోడలు తన తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు ఆ వీధి పిల్లిని ఒళ్ళో పెట్టుకుంటావుగా? దాన్నుంచి అంటిందేమో!"

వియ్యపురాలి మొహం చిన్నబోయింది. "అంతేనేమోనే. నేను రేపే బయల్దేరతాలే" అంటూ కళ్ళు తుడుచుకుంది.

తాత నోరు మెదపకపోతే పాప ఆయన చేతిలోనే ఉంటుంది. కానీ ఆ పెద్దావిడ ఏ పాపమూ ఎరగదు.

"చెల్లెమ్మగారూ, మీరెక్కడికీ వెళ్ళొద్దు. దొంగ నేనే" అని చొక్కా చేయి పైకి మడిచాడు.

అందరూ నోరెళ్ళబెట్టారు. ఆయన భార్య మాత్రం గొంతు సవరించుకుంది.

"మరి... నాకూ నడుం దగ్గర ఉందండీ. చెమటపొక్కులేమో అనుకున్నా."

కొడుకు కుర్చీలో అటూ ఇటూ మెదిలాడు. "నాకూ ఉంది. ఎక్కడని అడక్కండి."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "ఇది ఇల్లా, తామర కొలనా?"

వియ్యపురాలు కళ్ళనీళ్ళతోనే పకపకా నవ్వేసింది.

మందుల చీటీ మూరెడు పొడవైంది. ఎవరి తువ్వాలు వాళ్ళదే. పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉతకాలి. మచ్చ పోయింది కదా అని మధ్యలో మందు ఆపకూడదు. ఇక తాతతో సహా మచ్చలున్నవాళ్ళెవరూ, డాక్టరమ్మ చెప్పేదాకా, పాపను ముట్టుకోకూడదు.

నెల రోజుల పాటు తాత గుమ్మం అవతల స్టూలు వేసుకుని పాపతో కబుర్లాడాడు. చేతులు ఊరుకోక మెత్తటి నూలుగుడ్డతో ఒక గౌను కుట్టాడు.

డాక్టరమ్మ సరేనన్న రోజున కోడలు పాపకు ఆ గౌనే తొడిగింది. గుండెల మీద గులాబీరంగు పువ్వు విచ్చుకుని ఉంది.

"ఇదేం పువ్వు మామయ్యగారూ?"

"తామరేనమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ.

"మళ్ళీ అంటించారా?" అని భార్య బుగ్గలు నొక్కుకుంది.

"ఇది అంటుకోదులేవే!"

తాత ఆ రోజు పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. కోడలు ఆయన చేయి అటూ ఇటూ తిప్పి చూసి, తృప్తిగా పాపను అందులో పెట్టింది. పాప కాసేపు మెదిలి, తల పక్కకు తిప్పి, కుడి బుగ్గను ఎప్పటి చోటే ఆనించి కళ్ళు మూసుకుంది.